ఉప్పు ముందు, బెల్లం చివర

శ్రోతలకు నమస్కారం.

కార్తీక మాసం వెళ్లిందంటే చాలు, అప్పటిదాకా వాయిదా పడ్డ విందులన్నీ ఒకేసారి ముందుకొస్తాయి. ప్రమోషన్ పార్టీ బాకీ ఉంటుంది, కొత్త ఫ్లాట్ చూడ్డానికి స్నేహితులొస్తామంటారు, ఈలోగా డిసెంబరు 31 రాత్రి రానే వస్తుంది. బిర్యానీ బయట నుంచి తెప్పించుకున్నా స్టార్టర్లు మాత్రం ఇంట్లోనే చేసుకోవాలన్నది నా పట్టుదల. డబ్బాలో మూతపడి వచ్చిన చికెన్ సిక్స్‌టీఫైవ్ గుమ్మం దాటేసరికే చెమటపట్టి మెత్తబడిపోతుంది. ఇప్పుడు చాలా వంటిళ్లలో ఎయిర్ ఫ్రయర్ ఉంది. అందులో తీపీ కారం కలిసిన కోడి ముక్కలు ఎలా చేయాలో, పదిమంది వచ్చినప్పుడు ఎలా నెగ్గుకురావాలో ఇవాళ మాట్లాడుకుందాం.

పేరులో ఫ్రయర్ ఉందిగానీ అందులో వేపుడంటూ ఏమీ జరగదు. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో జనానికి చూపించిన ఈ పెట్టె నిజానికి ఒక బుల్లి ఓవెన్. పైన ఎర్రగా కాలే కాయిల్, దాని దగ్గరే జోరుగా తిరిగే ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. వేడిగాలి ముక్క చుట్టూ తిరుగుతూ పైనున్న తడిని లాగేస్తుంది. అందుకే పకోడీకి కలిపినట్టు జారుగా పిండి కలిపి వేస్తే పని జరగదు. నూనెలో అయితే పిండి పడగానే బిగుసుకుంటుంది. ఇక్కడ బిగుసుకునేలోపే చిల్లుల్లోంచి కారిపోతుంది. కరివేపాకు సంగతి మరీ విచిత్రం. ముక్కల మీద చల్లి బుట్ట లోపలికి నెట్టామంటే, ఫ్యాను గాలికి ఒక్కో ఆకూ లేచి కాయిల్‌కి అతుక్కుని మాడుతుంది, ఇల్లంతా పొగ. కరివేపాకూ పచ్చిమిర్చీ విడిగా ఒక చెంచా నూనెలో చిటపటలాడించి చివర్లో కలపండి.

ఇక తీపి విషయం. బెల్లం ఆవకాయ తిని పెరిగిన నాలుకలకు తీపీ కారం జోడీ కొత్తేమీ కాదు. పులుసులో బెల్లం ముక్క వేయకపోతే ఊరుకోని ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఎన్ని లేవు! కోడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎందుకో వెనకాడతాం. వెనకాడని వాళ్లు తేనో బెల్లమో ముందే మసాలాలో కలిపి ముక్కలకు పట్టించేస్తారు. అక్కడే చెడుతుంది. రెక్కలు లోపలిదాకా ఉడికి పైన కరకరలాడాలంటే 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలకు పైనే ఉండాలి. అంత వేడిని తేనె, బెల్లం అంతసేపు ఓర్చుకోలేవు. పైన నల్లబడిపోయి లోపల ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. కాబట్టి ముందు ఉప్పు, కారం, పులుపు. తీపి ఆఖరి రెండు నిమిషాల్లోనే.

ఇప్పుడు బెల్లం మిర్చి రెక్కలు చేద్దాం. కోడి రెక్కలంటే ఒకప్పుడు సూపులో పడేసే సరుకే. అమెరికాలో బఫెలో నగరంలోని యాంకర్ బార్‌లో 1964లో టెరెస్సా బెల్లిసిమో అనే ఆవిడ వాటిని వేయించి, కారపు సాసూ వెన్నా పట్టించి వడ్డించాక వాటి జాతకం మారిపోయిందని చెబుతారు. మనం వెన్న బదులు బెల్లం వాడుకుందాం.

కిలో రెక్కలు తీసుకోండి. షాపులో అడక్కపోతే తోలు ఒలిచేసి ఇస్తారు, ముందే 'స్కిన్‌తో' అని చెప్పండి. ఆ తోలే మనకు కావలసింది. దాని కింది కొవ్వు కరిగి ముక్కను తనంతట తానే వేపుతుంది కాబట్టి పైనుంచి నూనె అక్కర్లేదు. కీలు దగ్గర రెండుగా కొట్టించి, కొసలు సూపుకి పక్కన పెట్టండి. పసుపూ ఉప్పూ వేసి కడగడం మన అలవాటు. కుళాయి కింద పెట్టి కడిగితే ఆ నీళ్లు సింకు చుట్టూ చింది క్రిములు పాకుతాయి. కడగకుండా ఉండలేకపోతే గిన్నెలో నెమ్మదిగా కడిగి, సింకు శుభ్రం చేసుకోండి. ఆ తర్వాత పేపర్ నాప్‌కిన్‌తో ఒక్కో ముక్కనీ పొడిగా తుడవండి. నన్నడిగితే వంట మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. తడిగా ఉన్న తోలు ఉడుకుతుందే తప్ప కరకరలాడదు.

తుడిచిన ముక్కలకు ఒకటిన్నర చెంచాల ఉప్పు, రెండు చెంచాల బేకింగ్ పౌడరు, మిరియాల పొడి పట్టించి, ఫ్రిజ్‌లో కింది అరలో మూత లేకుండా రాత్రంతా ఉంచండి. కోడికి బేకింగ్ పౌడరేమిటని నవ్వకండి. అది తోలుకి కాస్త క్షారగుణం ఇస్తుంది. దానివల్ల రంగు త్వరగా తిరుగుతుంది, పైన సన్నని బుడగలు లేచి పెళుసుగా తయారవుతుంది. బేకింగ్ సోడా మాత్రం కాదు సుమా! అది అంత వేస్తే సబ్బు రుచి వస్తుంది. మర్నాడు బుట్టలో ఒకే వరసలో పేర్చి, 180లో పన్నెండు నిమిషాలు, తిప్పి 200లో మరో పది నిమిషాలు. కొవ్వు కారి కింది పళ్లెంలో పొగ రేగుతుంటే, బుట్ట తీసి ఆ పళ్లెంలో రెండు చెంచాల నీళ్లు పోయండి.

ఈలోగా పొయ్యి మీద పాకం. వంద గ్రాముల బెల్లం, రెండు పెద్ద చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, నానబెట్టి రుబ్బిన ఎండుమిర్చి నాలుగైదు, దంచిన వెల్లుల్లి, కొద్దిగా ఉప్పు, కాసిని నీళ్లు. బెల్లం కరగ్గానే వడకట్టుకుంటే నలకలు పోతాయి. అరిసెలకు పట్టినట్టు ముదురు పాకం పట్టకండి, చల్లారితే రాయవుతుంది. గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత కలవకుండా నిలిచిందంటే దించేయొచ్చు. వేడి రెక్కలు పెద్ద గిన్నెలో వేసి, పాకం పోసి ఎగరేసి, మళ్లీ బుట్టలో 180లో రెండే నిమిషాలు. బయటికి తీసేసరికి పాకం సన్నగా బుడగలు కక్కుతూ అద్దంలా మెరుస్తుంటుంది. పైన వేయించిన నువ్వులు చల్లితే అప్పుడే అంటుకుంటాయి, ఆరాక చల్లితే రాలిపోతాయి.

ఎముక లేనిదే కావాలనే వాళ్లుంటారు. చికెన్ సిక్స్‌టీఫైవ్ 1965లో తమ దగ్గరే మొదలైందని చెన్నైలోని బుహారీ హోటల్ వాళ్లు చెప్పుకుంటారు. ఆ దారిలోనే వెళ్లొచ్చు, కాకపోతే పూత పొడిగా ఉండాలి. బ్రెస్ట్ ముక్క త్వరగా పీచుపీచుగా ఎండిపోతుంది, తొడ మాంసం తీసుకోండి. అల్లం వెల్లుల్లి, కారం, గట్టి పెరుగు పట్టించి, చివర్లో కోడిగుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్, బియ్యప్పిండి ముక్కకు అంటుకునేంతే కలిపి, పైన నూనె బ్రష్‌తో అద్ది, 190లో పది పన్నెండు నిమిషాలు. దించాక తేనె, నిమ్మరసం, దంచిన మిరియాలు. ఏడాది నిండని పిల్లలకు తేనె పూసిన ముక్క నాకించకండి, వంటలో వాడినా సరే తేనె వాళ్లకు మంచిది కాదు.

కొంచెం గొప్పగా ఉండాలనుకుంటే కౌజు పిట్టలు. వీపు దగ్గర కోసి పరిచి, ఉప్పూ మిరియాలూ వెన్నా రాసి, 200లో పావుగంట లోపే అయిపోతాయి. నాటుకోడి మాత్రం ఈ పెట్టెలో పెట్టకండి. దానికి పులుసూ, ఓపికా కావాలి.

అసలు చిక్కు పార్టీ రోజునే వస్తుంది. పన్నెండు మంది వస్తున్నారు, మనిషికి నాలుగు ముక్కలనుకుంటే రెండు కిలోల రెక్కలు. మామూలు నాలుగు లీటర్ల బుట్టలో ఒక వరసలో అరకిలో పడుతుంది. అంటే నాలుగు వాయిలు, దాదాపు గంటన్నర. మొదటి వాయి తిన్నవాళ్లు ఖాళీ ప్లేట్లు పట్టుకుని వంటింటి వైపు చూస్తుంటారు. తొందరపడి ఒకదాని మీద ఒకటి కుక్కితే గాలి ఆడక అన్నీ ఆవిరికి ఉడుకుతాయి.

దీనికి కట్ మిర్చి బండివాళ్ల పద్ధతే మందు. వాళ్లు బజ్జీలు ముందే ఒకసారి వేయించి పెట్టుకుని, మనం అడిగాక కోసి మళ్లీ నూనెలో వేస్తారు కదా. అలాగే మధ్యాహ్నమే వాయిలన్నీ పూర్తిగా ఉడికించి, ఆరాక ఫ్రిజ్‌లో పెట్టండి. పూర్తిగా అంటున్నాను, గమనించండి. కోడిని సగం ఉడికించి ఆపి, సాయంత్రం మిగతాది కానిద్దామనుకోవడం ప్రమాదం. క్రిములు చావవు సరికదా, పెరుగుతాయి. అతిథులు వచ్చాక 200లో నాలుగైదు నిమిషాలు లోపలిదాకా సెగలొచ్చేలా వేడి చేసి, పాకం పట్టించి, మరో రెండు నిమిషాలు. రెండోసారి వేడిలో మిగిలిన తడి కూడా పోయి మొదటిసారి కంటే కరకరలాడతాయి.

ఉడికిందో లేదో రంగు చూసి తేల్చకండి. లేత బ్రాయిలర్ కోళ్లలో ఎముక పక్కన ఉడికాక కూడా ఎరుపు మిగలొచ్చు. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. ముక్క మధ్యలో, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. వడ్డించినవి బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచొద్దు, మన ఎండాకాలంలో అయితే గంటే.

ఇంకో రెండు సంగతులు. ఈ పెట్టె 1400 వాట్లు, ఆపైన లాగుతుంది. పెద్ద పిన్నుల 16 ఆంప్స్ ప్లగ్గులోనే పెట్టండి. పాటల స్పీకరూ సీరియల్ లైట్లూ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టారో, పార్టీ చీకట్లోనే. రెండోది, వచ్చినవాళ్లలో శాకాహారులుంటారు, ఆ రోజు శనివారం అయితే ఇంకొందరు తోడవుతారు. పనీరూ బేబీ కార్నూ ముందు వాయిలో చేసేయండి, కోడి తర్వాత. అదే బెల్లం పాకం పనీరుకీ బ్రహ్మాండంగా పడుతుంది, కాకపోతే కోడి గరిటె అందులో ముంచకముందే వేరే గిన్నెలోకి తీసిపెట్టుకోవాలి. అడిగిన వాళ్లకు ఆ గిన్నె చూపించండి, మొహమాటం లేకుండా తింటారు.

సెలవు. నమస్కారం.