ఒక సందు, ఒక సూటు, ఆరు నిమిషాలు: బెజవాడలో కామిక్ ఫ్యాన్ ఫిల్మ్

[తెర మీద: రాత్రి. తడిసిన సిమెంటు నేల. వెనక నుంచి నీలం వెలుగు. ముసుగు మనిషి నీడ మాత్రమే కనిపిస్తుంది.]

వాయిస్: ఇష్టమైన కామిక్ పాత్రతో అభిమానులే సొంతంగా తీసుకునే చిన్న సినిమాను ఫ్యాన్ ఫిల్మ్ అంటారు. తక్కువ డబ్బుతో అది ఎలా తీయాలో చూద్దాం. కామిక్‌లో హీరో నగరం మీద ఎగరడానికి సిరా ఉంటే చాలు. అదే కెమెరా ముందైతే తాళ్లు కావాలి, గ్రీన్ స్క్రీన్ కావాలి, నెలల తరబడి గ్రాఫిక్స్ పని కావాలి. చేతిలో ఉన్నది నలుగురు స్నేహితులు, ఒక ఫోను, కొద్ది డబ్బు అయినప్పుడు ఎగిరే సీను రాసుకుంటే ఆ సినిమా స్క్రిప్టులోనే ఆగిపోతుంది.

2003లో అమెరికాలో జరిగే కామిక్ అభిమానుల మేళా, శాన్ డియేగో కామిక్ కాన్‌లో, దర్శకుడు శాండీ కొలోరా తీసిన ఫ్యాన్ ఫిల్మ్ "బ్యాట్‌మ్యాన్: డెడ్ ఎండ్" చూపించారు. నిడివి ఎనిమిది నిమిషాలు. ఖర్చు 30 వేల డాలర్ల దాకా అయిందని చెప్తారు. మనకది చిన్న మొత్తం కాదు. కానీ కథ ఎక్కడ నడిచిందో చూడండి: వాన కురిసే రాత్రి, ఒక సందులో. నగరమంతా చూపించాలనే పంతం పెట్టుకోకుండా సూటు మీదా, వెలుగు మీదా మనసు పెట్టారు. మనం పట్టుకోవాల్సింది అక్కడే. ఆ లోకాన్నంతా తీయబోకండి, అందులో ఒక మూల తీయండి.

[తెర మీద: కాగితం మీద మూడు పాత్రలు, ఒక సందు బొమ్మ]

ఆరు నిమిషాల సినిమా, ఒక్కో షాటు సగటున ఐదు సెకన్లు అనుకుంటే 70 పైచిలుకు షాట్లు. కొత్త బృందం రాత్రికి పాతిక షాట్లు తీస్తే గొప్ప. అంటే మూడు రాత్రులు. కథ రాసేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. పాత్రలు ముగ్గురిని దాటొద్దు, ముసుగు ఒక్కరికే ఉంచండి. రెండో సూటు పెట్టారంటే ఖర్చు రెట్టింపవుతుంది, రెండు సూట్లూ సగం సగంగానే కుదురుతాయి.

ఇప్పుడు అసలు పని, సూటు. అంటే ముసుగు, కవచం, భుజాల నుంచి వెనక వేలాడే కేప్ కలిసిన హీరో వేషం.

[తెర మీద: ఈవీఏ షీట్లు, హీట్ గన్, బ్లేడు, జిగురు డబ్బా]

కవచానికి వాడేది ఈవీఏ ఫోమ్, రబ్బరులా మెత్తగా, తేలికగా ఉండే షీటు. చెప్పులు తయారుచేసేవాళ్లకు సరుకు అమ్మే దుకాణాల్లో షీట్లుగా దొరుకుతుంది. పిల్లల గదుల్లో పరిచే పజిల్ మ్యాట్లలోనూ చాలావరకు ఇదే ఉంటుంది. ఛాతీకి, భుజాలకు 10 మిల్లీమీటర్ల మందం, ముసుగుకు 5 నుంచి 6, అంచుల్లో గీతలకూ గుర్తులకూ 2 మిల్లీమీటర్లు. యోగా మ్యాట్ కొనేముందు లేబుల్ చూడండి. అది పీవీసీ అయితే వదిలేయండి. వేడి తగిలితే హాని చేసే పొగ వస్తుంది.

ముసుగు కొలత టేపుతో తీస్తే కుదరదు. తొడుక్కునే మనిషి తలకు వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టండి. ముక్కు, నోరు వదిలేయాలి, ఇందులో తొందర పనికిరాదు. దానిమీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, నుదుటి నుంచి మెడ వెనక దాకా నడిగీత, చెవి మీదుగా ఒక గీత, దవడ గీత మార్కరుతో గీయండి. గీతలకు అడ్డంగా అంగుళానికొక చిన్న గాటు గుర్తు పెట్టండి. అతికించేటప్పుడు ఏ అంచుకు ఏ అంచు చేరాలో చెప్పేది ఆ గుర్తులే. కత్తిరించి విప్పాక ఒక సగాన్నే కాగితం మీదికి దించి, రెండో సగాన్ని దాన్నే తిప్పి గీసుకోండి. మనిషి ముఖం రెండు వైపులా ఒకేలా ఉండదు, కామిక్ ముసుగు మాత్రం ఒకేలా ఉండాలి. ఫోమ్ మందం లోపలి చోటును తినేస్తుంది కాబట్టి అంచుల చుట్టూ అర సెంటీమీటరు పెంచి కోయండి.

ముసుగు, మెడ, భుజాలు ఒకే ముక్కగా చేస్తే తల తిరగదు. చూడాలంటే మనిషంతా తిరగాలి. ముసుగు దవడ కింద ఆపేసి, మెడకు సాగే లైక్రా గుడ్డ వేరే కుట్టించండి. ఆ అతుకును కేప్ దాచేస్తుంది.

జిగురు దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. జిగురు కడ్డీని కరిగించి వదిలే గ్లూ గన్‌తో అతికిస్తే పని త్వరగా అవుతుంది, ఎండలో పెట్టిన కారులో అంతే త్వరగా ఊడిపోతుంది. కవచానికి రబ్బరు జిగురు వాడండి, ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటిది. రెండు అంచులకూ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడే కలిపి గట్టిగా నొక్కాలి. తాకిన చోటే పట్టేస్తుంది, సరిచేసే అవకాశం ఉండదు. అందుకే గుర్తులు చూసుకుంటూ ఒక కొస నుంచి అంగుళం అంగుళం కలుపుకుంటూ పోండి. వానాకాలంలో ఇంకో తంటా ఉంది. జిగురు ఆరేటప్పుడు చల్లబడి, దానిమీద గాలిలోని తేమ పల్చటి పొరలా చేరుతుంది. అప్పటికి అతికినట్టే ఉంటుంది, మర్నాటికి విచ్చుకుంటుంది. కలపబోయే ముందు, జిగురు డబ్బాకు దూరంగా వేరే గదిలో, హెయిర్ డ్రయర్‌తో రెండు అంచులూ కాస్త వెచ్చబెట్టండి. ఈ జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కిటికీలు తెరవండి, ఆ గదిలో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు.

[తెర మీద: హీట్ గన్ కింద ఫోమ్ మెరుపు మారడం, దగ్గరగా]

రంగుకు ముందు ఫోమ్ మీద బాగా వేడి గాలి ఊదే హీట్ గన్ తిప్పండి. గరుకుగా ఉన్న పైభాగం సన్నగా మెరిసిందంటే రంధ్రాలు మూసుకున్నట్టే. ఈ పని ఎగ్గొడితే ఎన్ని పూతలు వేసినా ఫోమ్ తాగేస్తూనే ఉంటుంది. తర్వాత తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి నాలుగైదు పల్చటి పూతలు, ప్రతి పూతా ఆరాకే తర్వాతిది. అయితే మోచేయి, నడుము లాంటి మడత పడే చోట ఫెవికాల్ పగిలిపోతుంది. అక్కడ రబ్బరు స్ప్రే వేయండి, లేదా కవచాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో గుడ్డ పెట్టండి. రంగు ఆరాక నల్ల అక్రిలిక్‌ను నీళ్లతో పల్చగా కలిపి సందుల్లోకి పోనిచ్చి, పైన తుడిచేయండి. పొడి కుంచెతో అంచుల మీద కొద్దిగా వెండి రంగు. ఈ రెండు పనులతో ఫోమ్ కాస్తా లోహంలా కనిపిస్తుంది.

ముసుగు మీద కొమ్ము, శిఖ, ఉబ్బెత్తు నగిషీ కావాలంటే కొండపల్లి బొమ్మల పద్ధతి చూడండి. అక్కడ తెల్ల పొణికి కర్రతో చేసిన ముక్కలను మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తేలికైన కర్ర మీద మక్కుతో ఆకారం దిద్ది, బాగా ఆరాక రంగు వేస్తే ప్లాస్టిక్‌లో దొరకని చేతిపని అందం వస్తుంది. నీళ్లకు మాత్రం మెత్తబడుతుంది. వాన సీను ఉంటే పైన వార్నిష్ తప్పదు.

కేప్ సంగతి. వన్‌టౌన్ వస్త్రలతలోనో, గుంటూరు పట్నం బజార్‌లోనో గుడ్డ కొనేటప్పుడు దుకాణం వెలుగులో చూసి తీసుకోవద్దు. ఫోన్ లైటు వేసి చూడండి. మెరిసే పాలిస్టర్ రాత్రి సీనులో కర్టెన్‌లా ఉంటుంది. మెరుపు లేని, కాస్త బరువైన నూలు కలిపిన గుడ్డ తీసుకోండి. 58 అంగుళాల పన్నాలో సగం వలయం కోయాలంటే పొడవు 116 అంగుళాలు కావాలి, మూడుంపావు మీటర్లు కొంటే కుట్టుకూ సరిపోతుంది. మెడకు ఐదు అంగుళాలు వదిలితే కేప్ పొడవు 53 అంగుళాలు వస్తుంది. సగటు ఎత్తు మనిషికి నేల తగలదు. కింది మడతలో ఆరు అంగుళాలకొకటి చొప్పున చిన్న ఇనుప వాషర్లు కుట్టించండి. బరువు లేని కేప్ గాలికి కాళ్లకు చుట్టుకుంటుంది, బరువుంటే తిరిగినప్పుడు విచ్చుకుంటుంది.

కళ్ల చుట్టూ కాటుక పెట్టి పైన పౌడరు అద్దండి. లేదంటే ముసుగు రంధ్రానికీ కంటికీ మధ్య చర్మం తెల్లగా బయటపడుతుంది. తెల్ల కళ్లు కావాలంటే పాల రంగు ప్లాస్టిక్ ముక్క లోపల అతికించండి. అవి పెట్టుకున్న మనిషికి దారి కనిపించదు కాబట్టి క్లోజప్‌లకే.

ఈ సూటులో చెమట ఆరదు. విజయవాడ ఏప్రిల్, మే నెలల్లో ఇది ప్రమాదం, సాయంత్రమైనా సరే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రాత్రులు పెట్టుకోండి. ఇరవై నిమిషాలు తొడిగితే పది నిమిషాలు విప్పాలి. ఓఆర్‌ఎస్ దగ్గరుంచండి. తల తిరుగుతోందని ఆ మనిషి అంటే షాటు ఆగాలి, మారుమాట లేదు.

[తెర మీద: ఆటోనగర్ షెడ్లు, మూసిన షట్టర్లు]

చోటు. ఉండవల్లి గుహలు కంటికి ఎంత బాగున్నా అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నటులు, లైట్లతో వెళ్లాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలి. ప్రకాశం బ్యారేజీ మీద జనం, బళ్లు, అక్కడా అనుమతి లేకుండా దిగొద్దు. మన కథకు ఆటోనగర్‌ను మించిన చోటు లేదని మా అభిప్రాయం. పనిలేని రోజు షెడ్డు యజమానిని అడిగితే తుప్పు పట్టిన ఛాసిస్‌లు, గొలుసులు, రేకుల గోడలు సెట్టు వేయకుండానే దొరుకుతాయి. గుంటూరు వైపు పాత పొగాకు బ్యారన్లు, అంటే ఆకు ఆరబెట్టే కట్టడాలు, ఇంకో మంచి ఎంపిక. ఎత్తు గోడలు, చిన్న కిటికీలు. మిర్చి నిల్వ ఉంచిన గోడౌన్ మాత్రం వద్దు, ఆ ఘాటులో ముసుగు మనిషి ఒక్క టేక్ కూడా నిలవలేడు.

సినిమాలో తుపాకీ, కత్తి ఉంటే తేదీ, సమయం, చోటు, పాల్గొనేవాళ్ల పేర్లు రాసి దగ్గరి పోలీస్ స్టేషన్లో ముందే ఇవ్వండి. దారిన పోయేవాళ్లకు అది బొమ్మని తెలియదు. డ్రోన్ ఎగరేసేముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో, అంటే అక్కడ ఎగరేయడానికి అనుమతి కావాలో అక్కర్లేదో చూడండి.

వెలుగు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లో మాన్యువల్ యాప్ పెట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో 50వ వంతు పెట్టండి. 30 ఫ్రేములు, సెకనులో 60వ వంతు పెడితే వీధి దీపాల కింద చిత్రం కొట్టుకుంటుంది. కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ అంకె 800 దాటనివ్వకండి, నలుపులో రవ్వలు లేస్తాయి. పాత కామిక్‌లలో నల్ల దుస్తుల మెరుపును నీలంతో వేసేవారు. మీరూ అదే చేయండి. సూటు ముదురు బూడిద రంగులో ఉంచి, వెనక ఎత్తు నుంచి నీలం జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేసిన లైటు ఒకటి, ముందు పక్క నుంచి మసక లైటు ఒకటి. తడి నేల ఆ వెలుగును రెట్టింపు చేస్తుంది కాబట్టి ప్రతి టేక్‌కి ముందు నీళ్లు చల్లండి. ఆరిపోతే పక్క షాటుతో కలవదు. వైర్లు నేల మీద ఉండకూడదు, స్టూళ్ల మీదుగా లాగండి.

పొగకు మెషీన్ అద్దెకు తేనక్కర్లేదు. కొబ్బరి పీచు నిప్పుల మీద చెంచా సాంబ్రాణి వేసి, అట్టతో విసిరి, రెండు నిమిషాలు ఆగితే పొగ సమంగా పరుచుకుంటుంది. లైటు కిరణం అప్పుడే కనిపిస్తుంది. నిప్పుల కుంపటి సూటుకు బాగా దూరంగా, పక్కన నీళ్ల బకెట్టు ఉండాలి.

శబ్దం అక్కడికక్కడే రికార్డు చేసి గట్టెక్కుదామనుకోకండి. ఫోమ్ కిర్రుమంటుంది, ముసుగులో మాట ముద్దవుతుంది. డబ్బింగే దారి. బట్టలు నిండిన బీరువా తెరిచి, దానికి ఎదురుగా నిలబడి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టి చెప్పండి. కేప్ చప్పుడుకు తడి దుప్పటి దులపండి. లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకోండి. డబ్బింగ్ మాటల కింద అది పరిస్తేనే సందు సందులా వినిపిస్తుంది.

[తెర మీద: నల్ల కార్డు, తెల్ల అక్షరాలు: "అభిమానులు తీసిన చిత్రం"]

చివరగా హక్కులు. డబ్బు సంపాదించడం లేదు కాబట్టి పర్వాలేదన్న మాట నిజం కాదు. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, వార్తలకు మినహాయింపులిస్తుంది. నెట్‌లో పెట్టే ఫ్యాన్ ఫిల్మ్ వాటిలో సులభంగా ఇమడదు. హక్కుదారు తీసేయమంటే తీసేయాలి, మన దేశపు కామిక్ పాత్రలకూ ఇదే వర్తిస్తుంది. ఆ భయం వద్దనుకుంటే విక్రమార్కుడు, బేతాళుడు ఉన్నారు. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్న కథ అది, ఎవరైనా తీయొచ్చు. ఏదో పత్రికలో వేసిన బేతాళుడి బొమ్మను మాత్రం ఉన్నదున్నట్టు దించకండి.

కామిక్ పాత్రతోనే తీస్తే అసలు లోగో, అసలు టైటిల్ అక్షరాలు, సినిమా క్లిప్పులు, సినిమా సంగీతం వాడొద్దు. యూట్యూబ్‌లో ఇతరుల హక్కులున్న వీడియో, పాటలను తనంతట తానే గుర్తుపట్టే కంటెంట్ ఐడీ ముందుగా పట్టేది సంగీతాన్నే. మాటలు, శబ్దాలు, సంగీతం మూడు వేర్వేరు ట్రాకులుగా దాచిపెట్టుకోండి. హక్కుదారు నుంచి క్లెయిమ్ వస్తే సంగీతం ఒక్కటే మార్చి మళ్లీ ఎక్కించవచ్చు.