ఏకార్స్ చచ్చిపోలేదు, మీరు ఖాళీ ఇంటి తలుపు కొడుతున్నారు!

విమానాలూ గ్రౌండూ రేడియోలో పంపుకునే టెక్స్ట్ మెసేజ్‌ల పద్ధతి ఏకార్స్ చచ్చిపోయిందంట! ఎక్కడ చూసినా ఇదే గోల. 131.550 మెగాహెర్ట్జ్ మీద డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ రేడియో రిసీవర్) పెట్టి గంటసేపు కూర్చున్నారట, నాలుగు లైన్లు కూడా రాలేదట, అంచేత విమానాలు మెసేజ్‌లు పంపడమే మానేశాయట. ఖాళీ చేసిన ఇంటి తలుపు బాదుతూ ఊళ్లో మనుషులే లేరంటే ఎలాగండీ?

136.975కి రండి. మళ్లీ చెప్తున్నా, 136.975! ఉత్తరం పాతదే, బండి మారింది. 1978లో మొదలైన పాత ఏకార్స్ సెకనుకు 2400 బిట్లు. 136.975 మీద నడిచే కొత్త డిజిటల్ లింకు వీడీఎల్ 2 ఏకంగా 31,500. పెద్ద విమానాల కబుర్లు చాలావరకు అటే మళ్లాయి. మరి మనవాళ్లకెందుకు తెలియలేదు? నా లెక్క ఒకటే: ఇంకా చెవితో వెతుకుతున్నారు. పాతది ఏఎంలో కీచుమనేది, దొరికిపోయేది. ఇది ఒక్క క్షణం బుస్సుమని పోతుంది. చెవికి అది వట్టి బుస, దాన్ని విప్పే ప్రోగ్రామ్ డంప్‌వీడీఎల్2కి అక్షరాలు.

కమాండ్ రాసుకోండి. డంప్‌వీడీఎల్2, రెండు డాష్‌లు ఆర్‌టీఎల్ఎస్‌డీఆర్ 0, రెండు డాష్‌లు గెయిన్ 40, ఆఖర్న 136975000. హెర్ట్జ్‌లో! పాత ఏకార్స్‌ని విప్పే ఏకార్స్‌డెక్‌కి మెగాహెర్ట్జ్‌లో ఇచ్చే అలవాటు ఇక్కడికి మోసుకురాకండి. ఒకే డాంగిల్‌తో పాతదీ కొత్తదీ రెండూ పట్టేస్తానంటారా? మధ్యలో 5.4 మెగాహెర్ట్జ్ ఎడం, ఈ ప్రోగ్రామ్ ఒక్కసారి చూసేది 2.1. ఉన్నది ఒక్కటే అయితే 136.975కే ఇవ్వండి.

యూఎస్‌బీ క్లెయిమ్ ఎర్రర్ మైనస్ 6 వచ్చిందా? డాంగిల్ పాడవలేదు. లినక్స్ దాన్ని టీవీ ట్యూనర్ అనుకుని డీవీబీ డ్రైవర్ తగిలించింది. ఆ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీబూట్ చేయండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి మెసేజ్ నెత్తిన బ్రాకెట్లలో అంకెలుంటాయి, ఎవరూ చూడరు! డీబీఎఫ్ఎస్ (సిగ్నల్ బలం కొలత) జంటలో మొదటిది సిగ్నల్, రెండోది నాయిస్. గెయిన్, అంటే రిసీవర్ సిగ్నల్‌ని పెంచే మోతాదు, ఎక్కువ చేస్తే రెండూ సమానంగా పెరిగాయా? మీకు ఒరిగిందేమీ లేదు. నాయిసే ఎక్కువ ఎగబాకిందా? 88 నుంచి 108 దాకా ఉన్న ఎఫ్ఎం స్టేషన్లు డాంగిల్‌ని ముంచేస్తున్నాయేమో, గెయిన్ దించండి, లేదా ఎఫ్ఎం నాచ్ ఫిల్టర్ పెట్టండి. చివరిది పీపీఎం, ఫ్రీక్వెన్సీ ఎంత తప్పిందో చెప్పే అంకె. అది సున్నా దగ్గరికి వచ్చేదాకా కరెక్షన్ మార్చండి. యాంటెన్నా నిలువుగా, 52 సెంటీమీటర్లు. విమానాల జాడ చెప్పే 1090 మెగాహెర్ట్జ్ కోసం కొన్న ఏడు సెంటీమీటర్ల పుల్లతో ఇక్కడ పని జరగదు.

ఇంకో వింత: "అంతా ఎన్‌క్రిప్ట్ చేసేశారు!" మెసేజ్‌లో ఏటీ1, సీఆర్1 అనే గుర్తుల పక్కన హెక్స్ (అంకెలూ ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిసిన కోడ్) చూసి బెదిరిపోయారు. అది పైలట్‌కీ కంట్రోలర్‌కీ నడిచే రాత సంభాషణ సీపీడీఎల్‌సీ, కుదించి పంపింది, అంతే. విప్పేది లిబ్‌ఏకార్స్ అనే లైబ్రరీ. ముందు దాన్ని ఇన్‌స్టాల్ చేసి, కొత్త లైబ్రరీని లినక్స్‌కి చూపించే ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టి, ఆ తర్వాతే ఏకార్స్‌డెక్ బిల్డ్‌కి సీమేక్ నడపాలి. వరస తప్పినా బిల్డ్ ఆగదు, హెక్స్ మాత్రం హెక్స్‌గానే మిగిలిపోతుంది.

గ్రౌండ్ నుంచి జవాబులు రాలేదని మళ్లీ మొదలెట్టకండి. ఎయిర్‌పోర్టు దగ్గర్లో లేకపోతే గ్రౌండ్ స్టేషన్ మీకు అందదు. 35,000 అడుగుల మీదున్న విమానమైతే అడ్డు లేకపోతే నాలుగొందల కిలోమీటర్ల నుంచి కూడా పడుతుంది.