సొంతంగా తీగ కట్టుకునే ఫోమ్ కటర్‌కి వేరియబుల్ వోల్టేజ్ సప్లై: జత కుదిరిందా? | బరంపురం నుంచి రివ్యూ

నమస్తే అండీ. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద రెండు వస్తువులున్నాయి చూడండి. ఇటు పక్కది 30 వోల్టులు, 5 ఆంపియర్ల వేరియబుల్ పవర్ సప్లై. అటు పక్కది వెదురు బద్దతో కట్టిన ఫోమ్ కటర్, కరెంట్‌తో వేడెక్కిన తీగ ఫోమ్‌ని కరిగించి కోస్తుంది. మేం దీన్ని విల్లు అంటాం. సప్లైని ఒక ఆన్‌లైన్ షాపువాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందు మాకు చూపించండి అని కూడా అడగలేదు. విల్లు నాది, దాని మీద తీగ నా డబ్బుతో కొన్నది. బాక్సులో ఏముంది, బరువెంత, డిస్‌ప్లేలో ఎన్ని అంకెలు, ఇవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అవి మళ్ళీ చదవను. ఈ సప్లై మీదున్న నాబ్‌లలో ఒకటుంది, నాకు దాని గురించే మాట్లాడాలని ఉంది.

దానికి ముందు ఇంకో మాట. వేడెక్కే తీగ మనమే కట్టుకోవడం, వోల్టేజ్ మార్చుకుంటూ వాడడం అనగానే కొంతమంది కుర్రాళ్ళు వేప్ గురించి, అంటే ఈ-సిగరెట్ గురించి అడుగుతారు. తీగ మనమే చుట్టుకునే రీబిల్డబుల్ అటామైజర్, దానికి కరెంట్ ఇచ్చే వేరియబుల్ వోల్టేజ్ మాడ్ కలిపి రివ్యూ చెయ్యన్నా అంటారు. లోపల జరిగే పని ఇదే, కాదనను. హీటర్లలో వాడే అదే నైక్రోమ్, కాంతల్ తీగలు, అదే ఓమ్ సూత్రం. కానీ మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. దాని మీద ఈ ఛానెల్లో వీడియో రాదు తమ్ముళ్ళూ. మీకు నిజంగా తీగ మీదే ఇష్టం ఉంటే ఇటు రండి. ఇక్కడైతే ఆఖరికి చేతికి ఒక గ్లైడర్ రెక్క వస్తుంది.

నాకు ఈ పని మా చిన్నాన్న దగ్గర అబ్బింది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుడి ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా, అప్పుడు వీధుల్లో నిలబెట్టే రథాలకి ఆయన థర్మోకోల్ పువ్వులు, మకరతోరణాలు కోసి ఇచ్చేవాడు. ఇప్పుడా పని లేదు. 2022 జులై 1 నుంచి అలంకరణకి థర్మోకోల్ వాడకూడదని కేంద్రం నిషేధించింది. చిన్నాన్న వెదురు, గుడ్డ, కాగితం వైపు వెళ్ళిపోయాడు. విల్లు నాకొచ్చింది. నేను దాంతో బడిపిల్లలకి చేత్తో విసిరే గ్లైడర్ల రెక్కలు కోస్తున్నాను. కొన్నిసార్లు ఫైబర్‌గ్లాస్ పనివాళ్ళు వస్తారు, వాళ్ళకి అచ్చులు కోసిస్తాను.

చిన్నాన్నకి సప్లై అంటే బైక్ బ్యాటరీ. 12 వోల్టులు. అది పెరగదు, తగ్గదు. మరి సెగ ఎలా సరిచేసేవాడంటే, క్లిప్పుని తీగ మీద ముందుకీ వెనక్కీ జరిపేవాడు. తీగ పొడుగైతే సెగ తగ్గుతుంది, పొట్టైతే పెరుగుతుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఊరంతా చీకటైపోయింది. అప్పుడు కూడా ఆ బ్యాటరీతో పని నడిచింది. అందుకే బ్యాటరీని నేనెప్పుడూ తక్కువ చెయ్యను. తర్వాత 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, ఆ తర్వాత పాత లాప్‌టాప్ ఛార్జర్ వాడాను. మూడింటికీ ఒకటే జబ్బు. వోల్టేజ్ ఒకచోట ఆగిపోయి ఉంటుంది. తీగ మార్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి సెగ వెతుక్కోవాలి.

ఇప్పుడు నాబ్ దగ్గరికి వద్దాం. దీనికి ముఖ్యమైన నాబ్‌లు రెండు. ఒకటి వోల్టేజ్, ఒకటి కరెంట్. చాలామంది వోల్టేజ్ నాబ్‌నే తిప్పుతారు, కరెంట్ నాబ్‌ని పూర్తిగా పెంచేసి వదిలేస్తారు. విల్లు కట్టేవాళ్ళకి మాత్రం కరెంట్ నాబే ప్రాణం. ఎందుకో లెక్క చూద్దాం, చిన్న లెక్కే.

నా దగ్గరున్నది 28 గేజ్ నైక్రోమ్, మందం 0.376 మిల్లీమీటర్లు. 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం. ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ తీసుకున్న మిశ్రమం ఇదే, ఇన్నేళ్ళైనా హీటర్లలో ఇదే నడుస్తోంది. ఈ మందానికి మీటరుకి దాదాపు 10 ఓములు వస్తుంది. 40 సెంటీమీటర్ల విల్లైతే 4 ఓములు. దానికి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే 3 ఆంపియర్లు లాగుతుంది, తీగ ఎర్రబడుతుంది. ఫోమ్ కోయడానికి అంత అక్కర్లేదు, అది కోయడం కాదు కాల్చడం. అదే బ్యాటరీని 90 సెంటీమీటర్ల విల్లుకి తగిలిస్తే కరెంట్ 1.3 దగ్గరే ఆగిపోతుంది, తీగ ఫోమ్‌లో ఇరుక్కుంటుంది. వోల్టేజ్ ఒకటే, తీగ ఒకటే. పొడుగు మారేసరికి కథ మారిపోయింది.

ఇప్పుడు కరెంట్‌ని పట్టుకుందాం. ఇదే తీగకి 1.8 ఆంపియర్లు పెట్టాననుకోండి. 40 సెంటీమీటర్ల విల్లుకి సప్లై తనంతట తానే 7 వోల్టులు ఇస్తుంది. 60కి 10, 11 మధ్య ఇస్తుంది. 90కి 16 దగ్గరికి వెళ్తుంది. మూడు విల్లుల్లోనూ సెంటీమీటరుకి పడే సెగ ఒక్కటే. నా చెయ్యి ఏ వేగానికి అలవాటు పడిందో అదే వేగంతో మూడింటితోనూ కోసుకోవచ్చు. క్లిప్పు జరపక్కర్లేదు, వేలు తడిపి తీగ దగ్గర పెట్టి చూడక్కర్లేదు. చిన్నాన్న ఏళ్ళ తరబడి చేత్తో చేసిన సర్దుబాటు ఈ నాబ్ చేసేస్తోంది. మొదటిసారి చిన్న విల్లు తీసేసి పెద్దది తగిలించాను. నాబ్ ముట్టుకోలేదు. తీగ ఫోమ్‌లోకి అదే తీరుగా దిగింది. నాకు ఒళ్ళు పులకరించింది, నిజం చెప్తున్నా.

పెట్టే పద్ధతి ఇది. తీగ తగిలించే ముందు కరెంట్ నాబ్‌ని సున్నాకి తిప్పండి. వోల్టేజ్‌ని 20కి పెట్టండి. తీగ తగిలించి, కరెంట్‌ని మెల్లగా పెంచుతూ పోండి. సీసీ, అంటే కాన్‌స్టంట్ కరెంట్ అని చిన్న లైటు వెలుగుతుంది. అది వెలిగి ఉన్నంతసేపూ కరెంట్‌ని మెషీన్ చూసుకుంటోందని అర్థం. ఫోమ్ ముక్క మీద పెట్టి చూడండి. తీగ వెనకాల సన్నటి దారాలు సాగుతుంటే సెగ సరిపోయినట్టే. దారాలు లేకుండా పెద్ద గాడి పడుతుంటే ఎక్కువైంది, తగ్గించండి. తీగ నడుమ వెనక్కి వంగిపోతుంటే సెగ తక్కువైనా అయ్యుండాలి, మీరు తొందరపడుతున్నా అయ్యుండాలి.

రెక్క కోసేటప్పుడు ఆ వంపే పెద్ద శత్రువు. రెండు చివర్లా రెక్క ఆకారంలో కోసిన సన్‌మైకా ముక్కలు, అంటే టెంప్లేట్లు అతికించి వాటి మీదుగా తీగ జరుపుతాం కదా. నడుమ వెనకబడితే రెక్క నడుమ కొలత తప్పుతుంది. కొసకి సన్నబడే రెక్కల్లో ఇంకో చిక్కుంది. కొస టెంప్లేట్ చిన్నది కాబట్టి అటువైపు తీగ నెమ్మదిగా కదులుతుంది, ఎక్కువ కరిగించేస్తుంది. దాన్ని ఏ సప్లై కూడా సరిచెయ్యలేదు. కొస టెంప్లేట్‌ని ఒక్క పిసరు పెద్దగా కోసుకోవాలి, అంతే.

ఇక కోపం వచ్చే సంగతి. దీంతో పాటు వచ్చిన వైర్లు, మొసలి క్లిప్పులు. వాటిని తీసి పక్కన పెట్టేయండి. వైరు మరీ సన్నం, 4 ఆంపియర్లు దాటితే చేతికి వెచ్చగా తగులుతుంది. దాన్నైనా భరించొచ్చు, క్లిప్పుల్ని మాత్రం క్షమించను. వాటి పళ్ళు నైక్రోమ్‌ని కొరికి గాటు పెడతాయి. తీగ వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, సరిగ్గా ఆ గాటు దగ్గరే తెగుతుంది. రెక్క సగంలో ఉండగా తెగితే ఆ ఫోమ్ పలక పారేయడమే. ఇన్ని వేల రూపాయల వస్తువు తయారుచేసి, ఆఖర్న అక్కడ పిసినారితనం ఎందుకో నాకు అర్థం కాదు.

నైక్రోమ్‌ని టంకం పెడదామా అంటే మామూలు ఫ్లక్స్‌తో సీసం దానికి అంటదు. కాబట్టి నట్టు, బోల్టు, రెండు ఇత్తడి వాషర్లు. వాషర్ల మధ్య తీగ ఒక చుట్టు తిప్పి బిగించండి. సప్లై నుంచి వచ్చే రాగి వైరుని కూడా ఆ బోల్టుకే పట్టించండి. తీగ మార్చాలంటే రెంచీతో ఒక నిమిషం పని. విల్లుకి ఒక కొస స్ప్రింగ్ తప్పనిసరి. 40 సెంటీమీటర్ల తీగ వేడికి మిల్లీమీటరుకి పైనే సాగుతుంది. స్ప్రింగ్ లేకపోతే ఆ సాగింది వేలాడుతుంది, కోత వంకరపోతుంది. సైకిల్ షాపులో దొరికే ఏ సన్నటి స్ప్రింగైనా చాలు. మా విల్లు వెదురుది కాబట్టి బద్దలోంచి కరెంట్ పారదు. ఇనప ఫ్రేము వాడేవాళ్ళు బోల్టుల కింద ప్లాస్టిక్ బుష్‌లు వేసుకోండి.

చిన్న ఫిర్యాదులు ఇంకో రెండు, త్వరగా చెప్పేస్తాను. కరెంట్ నాబ్ ఒకే చుట్టు తిరుగుతుంది, సున్నా నుంచి 5 ఆంపియర్ల దాకా అంతా ఆ ఒక్క చుట్టులోనే. 1.8 దగ్గర ఆపాలంటే ఊపిరి బిగబట్టాలి. వోల్టేజ్‌కి ఫైన్ నాబ్ ఇచ్చి కరెంట్‌కి ఇవ్వకపోవడం తప్పు. ఫ్యాన్ కూడా గట్టిగానే మోగుతుంది, మైక్‌లో మీకు వినిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది పిల్లలున్న ఇళ్ళవాళ్ళు వినాలి. మన వైపు ఇప్పటికీ కొందరు 230 వోల్టుల లైనుకే బల్బుని సిరీస్‌లో పెట్టి, ఆ కరెంట్‌ని విల్లుకి ఇచ్చేస్తున్నారు. ఇచ్ఛాపురంలో చూశాను, పర్లాకిమిడిలో చూశాను, మా వీధిలోనూ చూశాను. తీగ చల్లగా కనిపించినా దాని మీద లైను వోల్టేజ్ ఉంటుంది, ముట్టుకుంటే మనిషి పోతాడు. వానాకాలంలో నేల తడిగా ఉంటే చెప్పక్కర్లేదు. దయచేసి మానేయండి. ఈ సప్లై కొనకపోయినా పర్వాలేదు, కనీసం ఒక మంచి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. విల్లు దగ్గర చేరేది 30 వోల్టుల లోపు, లైనుతో సంబంధం తెగిన కరెంటే అయ్యుండాలి.

పొగ మాట కూడా. థర్మోకోల్‌ని సెగ ఎక్కువపెట్టి కాలిస్తే స్టైరీన్ ఆవిరి వస్తుంది. కిటికీలు తీసి, గాలి మీ నుంచి బయటికి పోయేలా కూర్చోండి. సన్‌బోర్డ్‌ని ఈ తీగతో అసలు కోయకండి. అది పీవీసీ, వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది. దానికి కత్తి, స్కేలు చాలు. సోఫాల స్పాంజి కూడా దీనికి పనికిరాదు, దాని పొగ ఇంకా చెడ్డది.

మరి కొనాలా? ఒకే కొలత విల్లు పెట్టుకుని ఎప్పుడో ఒకసారి కోసేవాళ్ళకి అక్కర్లేదు, బ్యాటరీతో హాయిగా నడిపేయండి. నాలాగా తీగ మార్చి, విల్లు మార్చి, ఇవాళ చిన్న రెక్క రేపు పెద్ద రెక్క కోసేవాళ్ళు మాత్రం కరెంట్ నాబ్ ఉన్న సప్లై ఏదో ఒకటి తెచ్చుకోండి. ఈ మోడలే కావాలని లేదు. అయితే ఇది ఫ్రీగా రాకపోయినా నేను కొనేవాణ్ణే. ఆ క్లిప్పుల మీద ఎంత కోపం ఉన్నా ఇంకో సప్లైకి తిరిగి వెళ్ళాలని లేదు.

తీగ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. మన షాపుల్లో గేజ్ అంటే ఎస్‌డబ్ల్యూజీ, బ్రిటిష్ కొలత. ఆన్‌లైన్‌లో చాలాసార్లు ఏడబ్ల్యూజీ, అంటే అమెరికన్ కొలత ఉంటుంది. ఒకటే 28 నంబరు, కానీ ఏడబ్ల్యూజీ తీగ 0.32 మిల్లీమీటర్లే. దానికి 1.8 ఆంపియర్లు పెడితే సెగ బాగా ఎక్కువైపోతుంది, 1.4 నుంచి మొదలుపెట్టండి. నంబరు అడక్కండి, మిల్లీమీటర్లు అడగండి. రెండోది, బడా బజారులోనో మీ ఊరి హీటర్ రిపేర్ షాపులోనో పొయ్యి కాయిల్ ఇచ్చి నైక్రోమే అంటారు. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. అంటుకుంటే అది కాంతల్ జాతి, ఇనుము కలిసిన తీగ. అది కూడా వేడెక్కుతుంది, కోస్తుంది, కానీ ఒకసారి ఎర్రబడితే పెళుసెక్కి వంచినచోట విరుగుతుంది. విల్లుకి అయస్కాంతం అంటని తీగే తీసుకోండి.

టెంప్లేట్లు కోయడం ఎలాగో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండీ.