“పరిశీలించవచ్చు” అన్న మాట గురించి

వేదిక మీదున్న పెద్దలకు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరి శిక్షణకు వచ్చిన జూనియర్ అసిస్టెంట్లకు నమస్కారం. భోజనాల వేళకు ముందు మాట్లాడే మనిషిని సభ ఎంతసేపు ఓర్చుకుంటుందో, ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిగా నాకు తెలుసు కాబట్టి, ఉపోద్ఘాతం పెంచను. నాకు ఇచ్చిన విషయం “నోట్ ఫైలు రాయడంలో మెలకువలు”, అంటే ఒక ప్రతిపాదన మీద మన అభిప్రాయం రాసి పై అధికారికి పంపే కాగితాల సంగతి. మార్జిను ఎంత వదలాలో, పేరాలకు నంబర్లు ఎలా వేయాలో నిన్ననే చెప్పారట. అందువల్ల నేను ఒక్క అంశమే తీసుకుంటాను. మన సీటుకు వచ్చిన ప్రతిపాదనతో మనం ఏకీభవించినప్పుడు, ఏకీభవించలేనప్పుడు ఆ సంగతి కాగితం మీద ఎలా పెట్టాలి? ఉన్నమాట చెప్పాలంటే, ఒకే ఒక్క మాట మీద నాకున్న కోపం మీ ముందు వెళ్లగక్కడానికే వచ్చాను. ఆ మాట “పరిశీలించవచ్చు”.

నేను 1986లో ఉద్యోగంలో చేరాను. నాలుగేళ్లు గడిచాక ఆడపిల్లల హాస్టలు భవనానికి స్థలం కేటాయించాలన్న ప్రతిపాదన ఒక మండలం నుంచి నా సీటుకు వచ్చింది. పాత పహాణీలు, అంటే ఊరి భూముల రికార్డులు, తిరగేస్తే ఆ సర్వే నంబరు చెరువు శిఖంగా, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిగా, నమోదై ఉంది. కుర్రతనం కదా, రికార్డులో తప్పు పట్టుకున్నానన్న సంబరంలో ఇలా రాశాను: “ఈ ప్రతిపాదన చట్టవిరుద్ధము. మండల కార్యాలయము రికార్డు చూడకుండానే పంపినట్లున్నది.”

మా సూపరింటెండెంటు గారు కోప్పడలేదు. ట్యాగు ముడి విప్పి ఆ నోట్ షీటును బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టి, నా చేతికే ఇచ్చారు. “నువ్వు పట్టుకున్నది నిజమే బాబూ. కానీ ఎమ్మార్వో గారికి రికార్డు చదవడం రాదని నువ్వు రాస్తే, ఆయన ఇక రికార్డు గురించి జవాబు రాయడు, నీ గురించి రాస్తాడు. మళ్లీ రాసుకురా” అన్నారు. మర్యాదగా విభేదించడం గురించి అంతకంటే మంచి పాఠం నాకు ఏ శిక్షణ కేంద్రంలోనూ దొరకలేదు. అయితే నేను ఆ పాఠాన్ని తలకిందులుగా నేర్చుకున్నాను.

రెండోసారి రాసినది ఇది: “సదరు స్థలము చెరువు సమీపమున ఉన్నట్లు తెలియవచ్చుచున్నది. క్షేత్రస్థాయి పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ప్రతిపాదనను పరిశీలించవచ్చును.” ఎవరికీ నొప్పి తగలలేదు. ఆ రోజు సూపరింటెండెంటు గారు సెలవులో ఉన్నారు. ఫైలు ఆగకుండా పైకి వెళ్లి, సంతకాలు పూర్తి చేసుకొని, నా సీటుకు తిరిగి వచ్చింది.

భవనం లేచింది. రెండో వానాకాలంలో చెరువు నిండి, హాస్టల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. పిల్లలు రేకు పెట్టెలను కిటికీ గూళ్లలోకి ఎక్కించుకొని, రాత్రికి రాత్రి బడి గదుల్లోకి వెళ్లారు. ప్రాణాలు పోలేదు, అంతవరకు నయం. విచారణకు వచ్చిన అధికారి నన్ను పిలిచి, “పరిశీలించవచ్చునని సిఫారసు చేసింది మీరే కదా?” అని అడిగారు. “లేదు సార్, నా అభ్యంతరం అందులోనే ఉంది” అన్నాను. ఆయన ఫైలును నా వైపు తిప్పి, “ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి” అన్నారు. ఆ రెండు వాక్యాల మీద నా వేలు ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తిరిగింది. ఆగడానికి చోటు దొరకలేదు.

మిమ్మల్ని అడుగుతున్నాను, ఆ వెనక వరుసలో కూర్చున్నవారు కూడా చెప్పండి: ఆ నోటులో నేను కాదన్నట్టు మీకు వినిపించిందా? శిఖం అనాల్సిన చోట సమీపం అన్నాను. పహాణీలో ఉందని రాయాల్సిన చోట “తెలియవచ్చుచున్నది” అన్నాను. ఎవరికి తెలియవచ్చింది? ఆకాశవాణి చెప్పిందా? “భావించబడుచున్నది”, “అభిప్రాయపడడమైనది” వంటివన్నీ ఈ కోవలోవే. ఇలా రాయడం వినయమని చాలామంది అనుకుంటారు గానీ, నా దృష్టిలో ఇది దాక్కోవడం. నొప్పించకుండా రాయడం వేరు, తెలియకుండా రాయడం వేరు.

నొప్పించకుండా, తెలిసేలా రాయడం ఎలాగో చూపించడానికి మన రాజమహేంద్రవరంలో పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారిని గుర్తు చేస్తాను. పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా పెట్టి, రాత్రివేళ ఇంటికి వెళ్లి తలుపు తట్టడం చెల్లుతుందా అన్న ఖరక్ సింగ్ కేసులో, 1962లో, సుప్రీంకోర్టు ధర్మాసనంలో నలుగురు ఒక వైపు, సుబ్బారావు గారు, షా గారు మరో వైపు నిలిచారు. రాత్రిపూట ఇళ్లకు వెళ్లే నిబంధన చెల్లదని మిగతా నలుగురూ అన్నారు. నిఘాకు సంబంధించిన మిగతా భాగాలను మాత్రం నిలబెట్టారు. సుబ్బారావు గారు తన తీర్పులో ముందుగా ఆ చెల్లదన్న భాగంతో ఏకీభవిస్తున్నామని చెప్పి, ఆ వెంటనే, తాము ఇంకా ముందుకు వెళ్తామని, మొత్తం నిబంధనే చెల్లదని రాశారు. ఎంతవరకు ఒప్పుకున్నారో, ఎక్కడ విడిపోయారో మొదట్లోనే తేటతెల్లం చేశారు. తోటి న్యాయమూర్తుల మీద పల్లెత్తు మాట లేదు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, వారికి ఆ మైనారిటీ తీర్పే ఆధారాల్లో ఒకటైంది. ఆ అసమ్మతి మెత్తమెత్తగా “పరిశీలించవచ్చును” అని ముగిసి ఉంటే యాభై ఐదేళ్ల తరువాత ఎవరైనా దాన్ని వేలు పెట్టి చూపించగలిగేవారా?

ఇక ఏకీభవించడం గురించి. అది తేలికని మనం అనుకుంటాం. వాట్సాప్ గ్రూపులో ఆదేశం రాగానే బొటనవేలు బొమ్మ పెట్టేస్తాం. చూశామన్నామా, ఒప్పుకున్నామా, చేస్తామన్నామా? మూడూ వేరు. ఫైల్లో “ఏకీభవిస్తున్నాను” అని ఊరుకోకండి. “పేరా 3, 5లతో ఏకీభవిస్తున్నాను” అని రాయండి. పేరా 4 సంగతి మీరు చెప్పకుండానే పై వారికి అర్థమవుతుంది, అడిగితే చెప్పడానికి మీకూ వీలుంటుంది. అలాగే కింది వారు కష్టపడి మంచి నోటు రాసినప్పుడు పొట్టి సంతకంతో సరిపెట్టకుండా, “రికార్డు బాగా వెతికారు” అని ఒక్క వాక్యం రాస్తే మన సిరా ఏమీ అరిగిపోదు.

మీరు తరచూ చూడబోయే మరో మాట “చర్చించండి”. అధికారికి మీ నోటు నచ్చకపోయినా, ఆ సంగతి కాగితం మీదికి ఎక్కడం ఇష్టం లేనప్పుడు మార్జినులో అది కనిపిస్తుంది. వెళ్లండి, చెప్పేది వినండి, నచ్చితే మారండి. మారకపోతే తిరిగి వచ్చి ఇలా రాయండి: “చర్చ సందర్భంగా ఆదేశించిన ప్రకారం ముసాయిదా ఉంచడమైనది. పేరా 4లోని అభ్యంతరం మాత్రం అలాగే ఉన్నది.” ఇది ధిక్కారం కాదు. నోటిమాట ఆదేశాల మీద కాకుండా, రాతపూర్వకంగా ఉన్న వాటి మీదే అధికారులు పనిచేయాలని 2013లో సుప్రీంకోర్టే చెప్పింది. పైగా 2005 నాటి సమాచార హక్కు చట్టం అభిప్రాయాలను, సలహాలను కూడా సమాచారం కిందే లెక్కిస్తుంది. మీ నోటును రేపు ఆ హాస్టల్లో చదివిన ఆడపిల్లే దరఖాస్తు పెట్టుకొని చదవవచ్చు. ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసులో పసుపు నోటు, అంటే చిత్తుప్రతి, ఉన్నంతసేపే దిద్దుకునే వీలు. అది ఆకుపచ్చ నోటుగా మారి ముందుకు కదిలాక, మడిచి చేతికిచ్చే సూపరింటెండెంటు ఉండడు.

అప్పట్లో నేను రాయవలసి ఉండి, విచారణ అయ్యాక ఇంట్లో కూర్చొని రాసుకున్న మూడో నోటు చదువుతాను. “ఆడపిల్లలకు హాస్టలు అవసరమన్న మండల కార్యాలయపు ప్రతిపాదనతో ఏకీభవించడమైనది. అయితే సూచించిన స్థలం పహాణీలో చెరువు శిఖంగా నమోదై ఉన్నది; నకలు కరెంటు ఫైలు (ఉత్తరాల ఫైలు) 17వ పేజీలో కలదు. కావున ఆ స్థలంలో నిర్మాణానికి సిఫారసు చేయడం వీలుపడదు. అదే గ్రామంలో వేరే ప్రభుత్వ స్థలాన్ని గుర్తించి పంపవలసిందిగా కోరవచ్చును.” ఇందులో ఎమ్మార్వో గారి ఊసే లేదు, స్థలం, పహాణీ మాట్లాడుతున్నాయి. “కోరవచ్చును” కూడా ఉంది, చూశారా, దానితో నాకు పేచీ లేదు. దాని ముందున్న “వీలుపడదు” కదలకుండా ఉంటే చాలు.

భోజనం గంట కొట్టారు. అయినా ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండి. మీ చేతిలో ఉన్న తెల్ల కాగితం మీద, నేను ఇప్పుడు చెప్పినదాంట్లో మీకు నచ్చని ఒక విషయం ఉంటే రాసి, మీ పేరు పెట్టి, ఇక్కడ టేబుల్ మీద ఉంచి వెళ్లండి. సాయంత్రం వరకు ఇక్కడే ఉంటాను, అన్నీ చదువుతాను. “పరిశీలించవచ్చు” అని ఉన్న కాగితాన్ని మాత్రం మడిచి మీ చేతికే ఇస్తాను.