నీలం పొడి డబ్బా, ఫ్రీజర్ ప్యాకెట్: నెల రోజులు బెర్రీలు తిన్నాక నా రివ్యూ

నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోలో చూపించే రెండు వస్తువులూ నేను కొన్నవి కావు. ఒక కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో రాసి కూడా ఇవ్వలేదు. "నచ్చితే చెప్పండి" అన్నారంతే. నచ్చకపోతే ఏం చేయాలో చెప్పలేదు కాబట్టి అది కూడా చెప్పేస్తాను.

పేరు కనబడకుండా స్టిక్కర్ అంటించాను. ఎందుకంటే ఇవాళ నేను విసుక్కోబోయేది ఒక్క కంపెనీని కాదు, ఇలాంటి డబ్బాలన్నిటికీ ఉన్న ఒక అలవాటుని.

ఒకటి, బెర్రీల పొడి. పండ్లను గడ్డకట్టించి, ఆ ఐసును గాలి లేని చోట నేరుగా ఆవిరిగా లాగేసి చేస్తారు, ఫ్రీజ్ డ్రై అంటారు కదా, అది. రోజుకు ఒక చెంచా, 5 గ్రాములు. రెండోది ఫ్రోజెన్ బెర్రీల ప్యాకెట్, బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ కలిపి. కేలరీలెన్ని, విటమిన్ సి ఎంత అనే పట్టికలు మీరు ఇప్పటికే చూసే వచ్చుంటారు. మళ్లీ చదివి మీ టైం తినను. కెమెరా కాస్త దగ్గరకు జరుపుతున్నాను, ఉండండి.

ఇదిగో, తాజా బ్లూబెర్రీ. పోల్చి చూడటానికి ఇది మాత్రం నేనే కొన్నాను. పైన బూడిద రాసినట్టు తెల్లటి పొర కనిపిస్తోందా? కామెంట్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు, "అది మందు కొట్టిన మరక కదా" అని. కాదండి, అది పండు తనంతట తాను పూసుకునే మైనం. ఇప్పుడు బొటనవేలితో సగం పండు మీద గట్టిగా రుద్దుతున్నాను. చూశారా? రుద్దిన వైపు నీలం పోయింది. ముదురు ఊదా, దాదాపు నలుపు. రుద్దని వైపు ఇంకా నీలంగానే ఉంది.

అంటే ఆ నీలం తొక్కది కాదు, మైనానిది. తమాషా ఏంటంటే మైనంలో కూడా నీలం రంగు పదార్థమేమీ లేదు. అందులోని అతి సన్నటి నిర్మాణాలు నీలి వెలుతురునీ అల్ట్రావయొలెట్‌నీ ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే మన కంటికి నీలంగా కనిపిస్తుంది. బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో ఈ సంగతి ప్రచురించారు. నలిపితే వచ్చే రసం ఎప్పుడూ ఎర్రగానో ఊదాగానో ఉంటుంది కానీ నీలంగా ఉండదు కదా. ఇన్నేళ్లు తిని, చొక్కాలకు మరకలు చేసుకుని కూడా నాకు ఆ అనుమానం రాలేదు!

ఈ పొర పండు త్వరగా పాడవకుండా కాపాడుతుంది. అందుకే తెచ్చిన వెంటనే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి, తినే ముందు కడుక్కోండి. శుభ్రం శుభ్రం అని నేను మొదట్లో ఒకేసారి కడిగి మూత పెట్టేవాణ్ణి. మూడో రోజుకి డబ్బా అడుగున బూజు.

ఇప్పుడు చాకుతో కోస్తున్నాను. లోపలంతా లేత ఆకుపచ్చగా, తెల్లగా ఉంది, రంగంతా తొక్కలోనే ఉంది. ఆ రంగు పదార్థాలనే ఆంథోసయనిన్లు అంటారు. బెర్రీలు ఆరోగ్యానికి మంచివని మీరు విన్నవాటిలో సగం వీటి గురించే. కాబట్టి లావుపాటి బ్లూబెర్రీలు చూసి మురిసిపోకండి. చిన్న పండులో గుజ్జుతో పోలిస్తే తొక్క ఎక్కువ.

సరే, పొడి సంగతి. రెండు గిన్నెల్లో నీళ్లు పోసి చెరో చిటికెడు కలిపాను. ఇందులో నిమ్మరసం పిండుతున్నాను... ఎరుపు తేలింది. రెండోదాంట్లో వంట సోడా... నీలం, ఇంకొంచెం వేస్తే మురికి ఆకుపచ్చ. ఆంథోసయనిన్ల తీరే ఇది. పులుపు తగిలితే ఎరుపు, సోడా లాంటిది తగిలితే నీలం, ఆకుపచ్చ. అంటే డబ్బాలో ఆంథోసయనిన్లు నిజంగానే ఉన్నాయి. ఈ పరీక్షలో కంపెనీ పాసైంది. ఇంతవరకే మెచ్చుకుంటాను.

ఇప్పుడు డబ్బా ముందు వైపు చూడండి. పండు బొమ్మ కంటే పెద్దగా ఒక అంకె. పక్కన "ఓరాక్" అని రాసుంది. ఆ అంకె చూడగానే నాకు తిక్క రేగింది, ఎందుకో చెబుతాను.

ఓరాక్ అంటే ఒక పదార్థం, కణాలను పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌ని ఎంతవరకు అడ్డుకుంటుందో టెస్ట్ ట్యూబులో కొలిచే పద్ధతి. టెస్ట్ ట్యూబులో అండి, మన ఒంట్లో కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఏ ఆహారానికి ఎంత ఓరాక్ అని పెద్ద పట్టిక పెట్టింది. 2012లో వాళ్లే దాన్ని తీసేశారు. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని, ఆహార కంపెనీలూ సప్లిమెంట్ కంపెనీలూ వాటిని మామూలుగా దుర్వినియోగం చేస్తున్నాయని కారణం కూడా చెప్పారు. పట్టిక పోయి ఇన్నేళ్లయినా అంకె డబ్బాల మీద దర్జాగా బతుకుతోంది.

ఇంకోటి. మనం తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నవి ఉన్నట్టు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఎక్కువ భాగాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా విరగ్గొడతాయి, ఆ విరిగిన చిన్న పదార్థాలే ఒంట్లో తిరుగుతాయి. ట్యూబులో కొలిచింది ఒకటి, రక్తంలో తిరిగేది ఇంకోటి. మరి ఆ పెద్ద అంకె దేనికి?

డబ్బా వెనక "క్లినికల్‌గా రుజువైంది" అని ఉంది. ఏ పరిశోధన, ఎంత మోతాదు, ఎవరి మీద? ఒక్క ముక్క లేదు. వాళ్లు చెప్పలేదు కాబట్టి నేనే ఒకటి చెబుతాను. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాళ్లు 2019లో ప్రచురించారు. 115 మంది, 50 నుంచి 75 ఏళ్ల వాళ్లు, అందరికీ మెటబాలిక్ సిండ్రోమ్. అంటే పొట్ట చుట్టూ కొవ్వు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి వాటిలో కనీసం మూడు అదుపు తప్పినవాళ్లు. ఆరు నెలలు రోజూ బ్లూబెర్రీ పొడి ఇచ్చారు. 150 గ్రాముల పండ్లకు సరిపడా పొడి తీసుకున్నవాళ్లలో రక్తనాళాల పనితీరు మెరుగైంది. 75 గ్రాములకు సరిపడా తీసుకున్నవాళ్లలో అది కనబడలేదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగ్గా వినకపోవడం, మాత్రం ఎవరిలోనూ తగ్గలేదు. ఖర్చు పెట్టినవాళ్లలో అమెరికా బ్లూబెర్రీ రైతుల కౌన్సిల్ కూడా ఉంది, అదీ తెలుసుకోండి.

ఇప్పుడు లెక్క. ఆ పరిశోధనలో 150 గ్రాముల పండ్లకు 26 గ్రాముల పొడి. మన డబ్బా చెంచా 5 గ్రాములు. అంటే 30 గ్రాముల పండ్లు కూడా కాదు. ఫలితం కనబడని మోతాదు 75 గ్రాములని చెప్పాను కదా, ఈ చెంచా అందులో సగం కూడా లేదు! ఆ 26 గ్రాములు రోజూ తీసుకోవాలంటే నాకు పంపిన డబ్బా వారం కూడా రాదు. పొడి పనికిరాదని నేననడం లేదు, పొడితోనే కదా పరిశోధన చేసింది. నా గొడవంతా చెంచాతోనే.

మరి బెర్రీలు తింటే గుండెకు మంచిదేనా అని అడుగుతారు. సూచనలు బాగానే ఉన్నాయి. అమెరికాలో దాదాపు 93,600 మంది నర్సులను 18 ఏళ్లు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. స్ట్రాబెర్రీలు, బ్లూబెర్రీలు వారానికి మూడు సార్లకు మించి తిన్నవాళ్లలో, చాలా తక్కువగా తిన్నవాళ్ల కంటే గుండెపోట్లు మూడో వంతు దాకా తక్కువ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇది గమనించడమే తప్ప, తినిపించి చూసిన పరీక్ష కాదు. బెర్రీలు ఎక్కువ తినేవాళ్లు పొగ తక్కువ తాగి ఉండొచ్చు, నడక ఎక్కువ నడిచి ఉండొచ్చు. వాటన్నిటినీ లెక్కలోంచి తీసేసి చూశామంటారు, అయినా పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు. నేనైతే ఈ అంకెని నమ్మకంగా కాదు, ఆశగా తీసుకుంటాను.

అదే ఏడాది షుగర్ మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. పండు పండుగా తిన్నవాళ్లలో, ముఖ్యంగా బ్లూబెర్రీ, ద్రాక్ష, యాపిల్ తిన్నవాళ్లలో, టైప్ 2 డయాబెటిస్ రిస్క్ తక్కువ. పండ్ల జ్యూస్ ఎక్కువ తాగినవాళ్లలో రిస్క్ ఎక్కువ. పండొకటే, నమిలితే ఒక దారి, తాగితే ఇంకో దారి.

జ్యూస్ అంటే గుర్తొచ్చింది, నా పాత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట క్రాన్‌బెర్రీ జ్యూస్ రివ్యూ చేశాను, పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సీసా మీద పదార్థాల వరసలో నీళ్ల తర్వాత చక్కెరే ఉంది. ఆ కోపంలో "యూరిన్ ఇన్ఫెక్షన్‌కి క్రాన్‌బెర్రీ అనేది వట్టి కథ" అనేశాను. అప్పుడు నా చేతిలో ఉన్నది వైద్య పరిశోధనలన్నీ కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ 2012 నాటి సమీక్ష, అది పెద్దగా లాభం లేదంది. అదే కాక్రేన్ 2023లో 50 అధ్యయనాలు తిరగేసి మాట మార్చింది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో అది మళ్లీ వచ్చే రిస్క్ నాలుగో వంతు దాకా తగ్గుతుందని తేల్చింది. క్రాన్‌బెర్రీలోని కొన్ని పదార్థాలు ఈ.కోలై బ్యాక్టీరియాని మూత్రాశయం గోడకు అంటుకోనివ్వవు. ఇది రాకుండా చూసుకోవడానికే. వచ్చిన ఇన్ఫెక్షన్‌ని తగ్గించదు, దానికి డాక్టర్ దగ్గరకే వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు క్రాన్‌బెర్రీ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి. సీసాలో చక్కెర గురించి నేనన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

ఫ్రోజెన్ ప్యాకెట్. ఇది నాకు నచ్చింది. రాత్రి ఒక గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు కరిగి, అడుగున ముదురు ఎర్ర రసం చేరుతుంది. ఆ రసం పారబోయకండి, తొక్కలోంచి దిగిన రంగంతా అందులోనే ఉంటుంది. స్ట్రాబెర్రీలు మెత్తబడి చప్పగా అయిపోతాయి, బ్లూబెర్రీలు కాస్త గట్టిగానే నిలుస్తాయి. రాస్ప్‌బెర్రీలో 100 గ్రాములకు ఆరున్నర గ్రాముల పీచు, చక్కెర నాలుగున్నర గ్రాములే. కాగితం మీద నాకు అన్నిటికంటే నచ్చిన బెర్రీ ఇదే. నోట్లో మాత్రం కాదు. ఆ గింజ ఒకటి దవడ పన్ను సందులో ఇరుక్కుంటే మీటింగంతా నాలుకతో దాన్నే తడుముకుంటూ కూర్చున్నాను.

స్మూతీ చేసేవాళ్లు ఇది వినండి. 2023లో ఒక చిన్న ప్రయోగంలో, అరటిపండుతో చేసిన స్మూతీ తాగితే బెర్రీల్లోనూ ఉండే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఒంటికి పట్టడం 84 శాతం తగ్గింది. అరటి ముక్క నల్లబడటానికి కారణమైన ఎంజైమే ఇక్కడా కారణం. బెర్రీల స్మూతీతో ఆ తగ్గుదల లేదు. అందులో పాల్గొన్నది ఎనిమిది మందే, పైగా ఫ్లేవనాల్స్, ఆంథోసయనిన్లు ఒకటి కావు. టెన్షన్ పడేంత ఏమీ లేదు. అయినా నేను అరటిపండుని సాయంత్రానికి మార్చేశాను.

ఫ్రోజెన్ పండ్ల గురించి ఒక జాగ్రత్త. 2013, 2014లో యూరప్‌లో ఫ్రోజెన్ బెర్రీల వల్ల లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ ఎ వైరస్ వ్యాపించి 1,500 మందికి పైగా జబ్బు పడ్డారు. చలికి ఆ వైరస్ చావదు, మరిగిస్తే చస్తుంది. ఇంట్లో గర్భిణులో, ముసలివాళ్లో, లివర్ జబ్బు ఉన్నవాళ్లో ఉంటే ఒక నిమిషం మరిగించి పెట్టండి. రుచి కొంచెం జామ్‌లా మారుతుంది, బాగానే ఉంటుంది.

నా తీర్పు. ప్యాకెట్ అయిపోయింది, ఈసారి నా డబ్బుతో కొంటాను. భోజనం తర్వాత తీపి తినే అలవాటు ఉన్న చోట ఒక గిన్నెడు బెర్రీలు పెట్టుకున్నాను, నాకు అసలు లాభం అక్కడే కనిపించింది. పొడి మాత్రం వద్దు. చెంచా సైజు మార్చి, ముందున్న ఆ అంకె తీసేస్తే మళ్లీ చూద్దాం. ఓరాక్ ఎందుకు వేశారు, ఏ పరిశోధన చూసి 5 గ్రాములన్నారు అని కంపెనీకి మెయిల్ పెట్టాను. పది రోజులైంది. "మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది" అని ఒక లైన్ వచ్చింది, ఇంకో డబ్బా పంపమంటారా అని అడిగారు.