అటెన్‌బరో వాళ్ళ ఊరు, మన ఇంటిపేర్లు - ఇంగ్లండులో లెస్టర్ తెలుగువాళ్ళ ఉగాది సభలో మాట్లాడింది

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. స్టేజీ మీదున్న పెద్దలకి, ముందు వరసలో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లులకి, వెనకాల గరిటె పట్టుకుని నిలబడ్డ మా బావగారికి కూడా. కమిటీ వాళ్ళు నన్ను తెలుగు సంస్కృతి గొప్పతనం మీద మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడేవాళ్ళు నా తర్వాత ఇంకో ముగ్గురున్నారు, వాళ్ళు నాకంటే బాగా చెప్తారు. అందుకని నేను ఒక ఇంగ్లీషు వాళ్ళ ఇంటిపేరు గురించి చెప్తా, సెక్రటరీ గారు ఏమీ అనుకోకండి, తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తా.

ఆ పేరు అటెన్‌బరో. అనగానే మనకి గాంధీ సినిమా గుర్తొస్తుంది, 1982, ఎనిమిది ఆస్కార్లు. మా స్కూల్లో అందర్నీ లైన్లో నిలబెట్టి టాకీసుకి తోలుకెళ్ళి చూపించారు. తీసినాయన రిచర్డ్ అటెన్‌బరో. ఆయన తమ్ముడు డేవిడ్, టీవీలో పక్షులూ జంతువుల గురించి చెప్పే పెద్దాయన, ఆయన గొంతు తెలియని పిల్లలు ఈ హాల్లో లేరు. ఈ అన్నదమ్ములు పెరిగింది ఎక్కడో కాదు, మన లెస్టర్‌లోనే, మన యూనివర్సిటీ ఆవరణలోనే. వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 దాకా ఇక్కడి యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. యూనివర్సిటీలో 18 అంతస్తుల అటెన్‌బరో టవర్ ఉంది చూశారా, చాలామంది అది సినిమా ఆయన పేరు అనుకుంటారు, కాదు, ఆ నాన్న పేరు. మా అబ్బాయి అక్కడ చదివే రోజుల్లో దాంట్లో ఒక లిఫ్టు ఉండేది, తలుపుల్లేవు, ఆగదు, పెట్టెలు గొలుసుకి కట్టినట్టు ఒకటి వెనక ఒకటి పైకి పోతూనే ఉంటాయి, అది మన ముందుకొచ్చిన క్షణంలో కాలు లోపల పెట్టాలి, మన అంతస్తు రాగానే బయటికి దూకాలి. నేను ఒకసారి ఎక్కి భయపడి రెండు అంతస్తులు ఎక్కువ పోయా. సరే, అది వదిలేయండి.

ఆ ప్రిన్సిపాల్ గారింట్లో ఇంకో సంగతి. 1939లో బెర్లిన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన ఇద్దరు యూదు ఆడపిల్లల్ని తెచ్చుకుని, ముగ్గురు కొడుకులతో పాటు పెంచారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఇంటిపేరంటే ఒట్టి రక్తమే కాదని, దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఇప్పుడు అసలు విషయం. ఈ పేరు చాలా అరుదు. నేను ఈ దేశంలో ఉత్తరాలు బట్వాడా చేసే ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి, మీకు తెలుసు. ఏ వీధికెళ్ళినా స్మిత్‌లు, జోన్స్‌లు, ఇప్పుడైతే పటేల్‌లు, సంచి నిండా వాళ్ళే. అటెన్‌బరో పేరు మీద ఉత్తరం ఎప్పుడో ఒకటి వచ్చేది. ఎక్కడివాళ్ళురా వీళ్ళు అని అప్పట్నుంచి నాకు మనసులో ఉండేది.

చూస్తే అది ఊరి పేరు. ఇక్కణ్ణించి పైకి, నాటింగ్‌హామ్ దాకా పోనక్కర్లేదు, బీస్టన్‌కి ఇవతల ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అని చిన్న ఊరు, చిన్న రైల్వే స్టేషన్ కూడా ఉంది. పాత కాగితాల్లో అడిన్‌బుర్చా అన్నట్టు రాశారట, అడ్డా అనో ఎడ్డి అనో ఎవరో ఒక పాతకాలపు పెద్దమనిషి కోట అని అర్థం చెప్తారు. మా మనవరాలిని తీసుకుని వెళ్ళా. సెయింట్ మేరీ చర్చి, పక్కనే నీళ్ళు. ఒకప్పుడు కంకర తవ్విన గోతులు, 1929లో తవ్వడం మొదలెట్టారు, అవి నీళ్ళు నిండి చెరువులై బాతులూ కొంగలూ చేరాయి, 1966లో దాన్ని పక్షుల కేంద్రం చేస్తే ప్రారంభించడానికి ఎవరొచ్చారు? డేవిడ్ అటెన్‌బరో! తన ఇంటిపేరు ఊరికి తనే అతిథి. క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ ఉన్నాడే, ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ తల తీయించిన వాళ్ళలో ఒకడు, ఆయనకి బాప్తిస్మం ఇచ్చింది కూడా 1611లో ఆ చర్చిలోనే.

మరి ప్రిన్సిపాల్ ఫ్రెడరిక్ గారు పుట్టిందెక్కడ? 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరోకి మూడు నాలుగు మైళ్ళు. ఆలోచించండి, ఆరేడు వందల ఏళ్ళ కిందట ఎవడో ఒకడు ఆ ఊరు వదిలి బయటికొచ్చాడు, ఇన్ని తరాలయ్యాక కూడా ఆ పేరున్న మనిషి అంత దగ్గర్లో పుట్టాడు. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి ఆ ఊళ్ళోంచి కదలాలి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అందరూ ఆ ఊరివాళ్ళే, పక్కూరికి పోయాకే ఫలానా ఊరివాడు అంటారు. ఇంగ్లండులో పదమూడు పద్నాలుగు శతాబ్దాల్లో ఈ పేర్లు గట్టిపడ్డాయి, 1377 నుంచి 1381 దాకా తలపన్ను వేసినప్పుడు గుమస్తాలు రాసుకున్న జాబితాలే ఇప్పటికీ పనికొస్తున్నాయి, 1538 నుంచి చర్చి రిజిస్టర్లు వచ్చాయి.

ఇది వినగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంటిపేరు నందివెలుగు. తెనాలి పక్కన ఊరు. మాది దుగ్గిరాల. మా తాతలు నందివెలుగులో ఉన్నప్పుడు వాళ్ళని నందివెలుగు వాళ్ళని ఎవరు పిలుస్తారు చెప్పండి? బయటికొచ్చాకే. మీలో ఎంతమందికి ఊరిపేరు ఇంటిపేరుగా ఉంది? చేతులెత్తండి. చూడండి, సగం హాలు ఎత్తింది. మరి ఆ ఊరికి ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళు ఎత్తినవి ఉంచండి. అదీ సంగతి!

సరే, ఈ పేరు ఎక్కడెక్కడ ఉందో ఎలా తెలుస్తుంది. గప్పీ అని ఒకాయన, ఓడల్లో డాక్టరు, సాలమన్ దీవుల దాకా పోయొచ్చినవాడు, 1890లో ఇంటిపేర్ల మీద పుస్తకం వేశాడు. ఆయన తెలివేమిటంటే అందర్నీ లెక్కపెట్టలేదు, డైరెక్టరీల్లో రైతుల పేర్లు మాత్రమే తీసుకున్నాడు, ఎందుకంటే రైతు భూమిని వదిలి పోడు. తర్వాత 1881 జనాభా లెక్కలు. ఆ లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ కలిపి రెండున్నర కోట్లకి పైగా జనం, ఆ చేతిరాతంతా ఎవరు ఎక్కించారో తెలుసా, మామూలు మనుషులు, పైసా జీతం లేకుండా, సాయంత్రాలు కూర్చుని. అందువల్లే ఇవాళ ఏ పేరైనా కొడితే మ్యాపులో రంగు కనపడుతుంది. అటెన్‌బరో కొడితే నాటింగ్‌హామ్‌షైర్, దాని అంచున డర్బీషైర్ ముదురుగా వస్తాయి, మిగతా దేశం దాదాపు తెల్లగా. వాళ్ళు ఎందుకు కదల్లేదంటే నాకు తోచింది చెప్తా, కదలాల్సిన పని పడలేదు. 1589లో కాల్వర్టన్‌లో విలియం లీ మేజోళ్ళు అల్లే మిషను కనిపెట్టాడు, అదీ నాటింగ్‌హామ్‌షైరే, ఆ తర్వాత లేసు, ఆ తర్వాత బొగ్గు, కూలి పని నాలుగడుగుల్లో దొరుకుతుంటే ఎవరు పోతారండీ. లండన్ పోయినవాళ్ళూ ఉన్నారు లెండి, అక్కడ ఫ్లీట్ స్ట్రీట్‌లో అటెన్‌బరోలు తాకట్టు కొట్టు, నగల కొట్టు పెట్టారు, ఛాన్సరీ లేన్ మలుపులో ఆ బిల్డింగు ఇంకా ఉంది, గోడ మీద బొమ్మతో సహా. ఒకే పేరు వాళ్ళు, ఒకరు తాకట్టు పెట్టుకున్నారు, ఒకరు ప్రిన్సిపాల్ అయ్యారు.

ఇంకా ఉంది, ఇది కూడా మన లెస్టర్‌లోనే. టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అని మన యూనివర్సిటీ సైంటిస్టులు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరు, రెండూ కలిసి నడుస్తాయా అని చూశారు. 2006లో ఒకే ఇంటిపేరున్న 150 జతల మగవాళ్ళని తీసుకుంటే, జతలో ఇద్దరికీ తెలిసినంతలో చుట్టరికం లేదు, అయినా దాదాపు నాలుగో వంతు జతల్లో వంశం కలిసింది. అరుదైన పేర్లలో అయితే దాదాపు సగం. స్మిత్ లాంటి పేరుకి కలవదు, ప్రతి ఊళ్ళో కమ్మరి ఉన్నాడు, ప్రతి కమ్మరీ స్మిత్తే. 2009లో 40 ఇంటిపేర్ల మీద మళ్ళీ చేశారు. అటెన్‌బరో పేరున్న మగవాళ్ళలో 70 శాతానికి పైగా ఒకే వంశం! అంటే ఆ ఊరొదిలి బయటికొచ్చినవాడు దాదాపు ఒక్కడే అన్నమాట, 1348లో ప్లేగు వచ్చి మిగతా వాళ్ళ వంశాలు పోయాయో ఏమో, ఒక్క కొమ్మ మిగిలింది.

మిగతావాళ్ళ సంగతేంటని అడగొద్దు. దత్తతలు ఉంటాయి, మారుటి తండ్రులు ఉంటారు, చెప్పుకోని సంగతులూ ఉంటాయి. పాతకాలపు ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ గారి ఎముకలు 2012లో మన ఊరి కార్ పార్కులో బయటపడ్డాయి కదా, ఆ డీఎన్ఏ చూసిందీ ఈ టూరి కింగ్ గారే. ఆడవాళ్ళ వరసలో వచ్చే డీఎన్ఏ కలిసింది, రాజు అని తేల్చడానికి అదొక పెద్ద ఆధారం. మగవరసలో కలవలేదు, మధ్యలో ఎక్కడో తెగింది. రాజవంశానికే తెగిందండీ, మనమెంత. ఆఖరికి రాజుని గుర్తుపట్టింది ఆడవాళ్ళ వరస, ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

ఒక చిన్న మాట, నాకిది చెప్పకపోతే అన్నం సయించదు. జార్జ్ డార్విన్ అని చార్లెస్ డార్విన్ కొడుకు, 1875లో దగ్గర బంధువుల పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో లెక్క తీద్దామని, వధూవరుల ఇంటిపేరు ఒకటే అయిన పెళ్ళిళ్ళు ఎన్నో చూశాడు. ఆయన లెక్క పట్టుకుని మన గుంటూరు జిల్లాకి వస్తే ఏమవుతుంది? సున్నా! ఒకే ఇంటిపేరు వాళ్ళకి మనం పెళ్ళే చెయ్యం, చేసేదంతా మేనరికం, ఇంటిపేర్లు వేరేగా ఉంటాయి. తమాషా ఏంటంటే వాళ్ళ నాన్న చార్లెస్ డార్విన్ చేసుకుంది అచ్చంగా మేనమామ కూతుర్నే, ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ని. డార్విన్ వాళ్ళింటికి వెడ్జ్‌వుడ్ వాళ్ళమ్మాయి, మనింట్లో జరిగినట్టే ఉంది. అందుకని ఒక్క ఇంటిపేరు లెక్కతో పని కాదని జార్జ్‌కీ తెలుసు, దానికి వేరే సవరణ వేసుకున్నాడు.

సరే, ఇంక నా గొడవ. మా మనవరాలి క్లాసులో ఇంటిపేర్ల ప్రాజెక్టు ఇచ్చారు. ప్రతి పిల్లా తన పేరు మ్యాపులో ఎక్కడుందో చూసుకుని రంగేసి తేవాలి. దాని పక్కన కూర్చునే పిల్లకి డర్బీషైర్‌లో ఊరు దొరికింది, ఇంకో పిల్లాడికి పంజాబ్‌లో దొరికింది. మా పిల్ల ఇంటిపేరు స్కూల్లో ఏంటో తెలుసా? శ్రీనివాసరావు. అది నా పేరు! నా పాస్‌పోర్టు చేయించినప్పుడు ఇంటిపేరు గడిలో శ్రీనివాసరావు అని, అసలు పేరు గడిలో ఎన్ అని రాసేశారు. నందివెలుగు మొత్తం ఒక్క అక్షరం అయిపోయింది. ఇక్కడ ఆస్పత్రిలో నర్సు బయటికొచ్చి ఎన్, ఎన్ అని కేకేస్తుంది, నేను లేచి నిలబడతా. మా అబ్బాయికి అదే ఇంటిపేరయింది, వాడి కూతురికీ అదే. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి తాతయ్యా, శ్రీనివాసరావు అనే ఊరు ఎక్కడుంది అని అడిగింది. ఏం చెప్పను? నేనే అన్నాను, ఇదిగో ఇక్కడే సోఫాలో కూర్చుంది అని. నవ్వింది, కానీ దాని కాగితం తెల్లగానే పోయింది స్కూలుకి.

నవ్వకండి, మీ ఇళ్ళలోనూ ఇదే కథ. ఇక్కడున్న పిల్లల్లో కుమార్లూ, ప్రసాద్‌లూ, వెంకటలూ ఎంతమంది ఇంటిపేర్లయ్యాయో నాకు తెలుసు, ఉత్తరాలు పంచినవాణ్ణి. అన్నదమ్ములిద్దరికి రెండు ఇంటిపేర్లున్న ఇల్లు నేను చూశా. ఇంటిపేరు చెప్తే కులం తెలుస్తుందని తెలిసి తెలిసి వదిలేసుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కారణం వాళ్ళకుంది, అది మంచి కారణమే, వాళ్ళ జోలికి నేను పోను. నేను అడిగేది ఫారంలో గడి చాలక, గుమస్తాకి ఓపిక చాలక పోయిన పేర్ల గురించి. అటెన్‌బరో చివర్న అక్షరాలు ఒక్కో గుమస్తా ఒక్కోలా రాశాడు, రాస్తే రాశాడు, పొడుగ్గానే రాశాడు, అందుకే ఇవాళ దొరుకుతోంది. వాళ్ళు ఏ అని ఒక్క అక్షరం రాసుకుని ఉంటే ఏ సైంటిస్టూ ఏ మ్యాపూ ఏం చెయ్యలేరు.

సెక్రటరీ గారు చెయ్యి ఊపుతున్నారు, అయిపోయింది అయిపోయింది. భోజనాల టేబుల్ మొదట్లో, పులిహోర గిన్నెకి ఇవతల, ఒక పెద్ద నోట్‌బుక్ పెట్టా. గీతలు కొట్టింది మా మనవరాలే. మొదటి గడిలో ఇంటిపేరు పూర్తిగా, తెలుగులో. రెండోది ఊరు, మండలం. మూడోది పాస్‌పోర్టులో ఎలా పడింది. నాలుగోది మీ అమ్మగారి పుట్టింటి పేరు, ఇది వదలొద్దు, రాజుగారి సంగతి ఇందాక చెప్పాగా. ఆడవాళ్ళు మీ పుట్టింటి పేరు కూడా ఇంకో వరసలో రాయండి, మగవాళ్ళు రాస్తారులే అని ఊరుకోకండి. తెలుగు రాయడం రాని పిల్లలుంటే పక్కనున్న పెద్దవాళ్ళు రాసిపెట్టండి. ఊరు తెలియకపోతే ఖాళీ వదిలి, రాత్రికి ఇండియాలో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని నాకు చెప్పండి. పెన్ను దారంతో కట్టేశా, ఎవరూ జేబులో వేసుకోవద్దు. ఈ హాల్లో నందివెలుగు వాళ్ళు ఇంకెవరైనా ఉంటే తినేటప్పుడు నన్ను పట్టుకోండి, మీ తాతగారి పేరు కావాలి నాకు.