ముందు ఏ చోట చిరుగుతుంది?

అందరికీ నమస్కారం.

రాబోయే వసంత, వేసవి సీజన్‌లో స్కేట్ షూలు, అంటే స్కేట్‌బోర్డు ఎక్కేవాళ్ల బూట్లు, ఎలా ఉండబోతున్నాయో చెప్పమని పిలిచారు. అమ్మకాల గ్రాఫులకు బదులు ఒక పాత జత తెచ్చాను. చూడండి. కుడి బూటు ఇంకో ఆరు నెలలు వాడుకోవచ్చు. ఎడమ బూటు మాత్రం చిటికెనవేలు పక్కన వేలు దూరేంత చిరిగిపోయింది. దీన్ని వేసుకున్న అబ్బాయి ఎడమ కాలు ముందు పెట్టి స్కేట్ చేస్తాడని, ఒల్లీ, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే విన్యాసం, బాగా ప్రాక్టీస్ చేస్తాడని ఈ చిరుగు చూస్తేనే తెలిసిపోతుంది.

ఒల్లీలో వెనక కాలు బోర్డు తోకను నేలకు కొడుతుంది. అదే క్షణంలో ముందు కాలి బయటి అంచు బోర్డు మీద పైకి జారుతూ దాన్ని గాల్లోకి లాగుతుంది. బోర్డు మీద అతికించే గ్రిప్ టేప్ ఉప్పు కాగితం లాంటిదే. పట్టు కోసం దాని మీద గట్టి రేణువులు ఉంటాయి. రోజుకు వంద సార్లు ఒకే చోట ఉప్పు కాగితంతో రుద్దితే ఏ బూటైనా ఎన్నాళ్లు ఆగుతుంది? బోర్డును గాల్లో గిర్రున తిప్పే కిక్‌ఫ్లిప్‌కి ఆ అరుగుదల కొంచెం ముందుకు, వేళ్ల వైపుకి జరుగుతుంది. పక్కనున్న లేసులు కూడా తెగుతాయి.

కొత్త డిజైన్ ఏది చూపించినా నేను మొదట ఈ చోటునే చూస్తాను. అక్కడ కుట్టు బయటికి కనిపిస్తోందా? కుట్టు తెగితే పైముక్క లేచిపోతుంది. కాన్వాస్ గుడ్డ పెట్టారా, స్వెడ్ అనే నూగు తోలు పెట్టారా? కాన్వాస్‌లో నాలుగు పోగులు తెగితే చాలు, రంధ్రం తెరుచుకుంటుంది. స్వెడ్ పొర పొరగా నిదానంగా అరుగుతుంది. దాని కింద పలుచటి రబ్బరు ముక్క ఉంటే, పైది పోయాక కూడా కాలు బయటపడదు. ఈ సీజన్‌కి అన్నిటికంటే ముఖ్యమైనది ఈ కనిపించని రబ్బరు ముక్కేనని నా నమ్మకం.

ఇక కనిపించే మార్పు. లావు బూట్లు తిరిగొచ్చాయి. 2000ల మొదట్లో ఒసిరిస్ డీ3 లాంటివి ఎలా ఉండేవో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఉబ్బిన నాలుక, వెడల్పు లేసులు, పక్కల నిండా ప్లాస్టిక్ ముక్కలు. తర్వాత ప్యాంట్లు బిగుతయ్యాయి, బూట్లు పలచబడ్డాయి. ఇప్పుడు ప్యాంట్లు మళ్లీ వదులయ్యాయి. వెడల్పాటి అంచు కింద సన్నటి బూటు పెడితే పాదం కనపడకుండా పోతుంది. చాలామంది దీన్ని పాత రోజుల మీద మోజు అంటున్నారు. నేను మాత్రం సగం కారణం ప్యాంటేనంటాను. లూయీ విట్టాన్ వంటి ఖరీదైన సంస్థ 2020లో స్కేటర్ లూసియన్ క్లార్క్ పేరు మీద బూటు తెచ్చినప్పుడే గాలి ఎటు వీస్తోందో అర్థమైంది.

లావు రూపం ఉండనివ్వండి, కానీ సోల్ సంగతి వేరు. స్కేట్ బూటులో రెండు రకాల సోళ్లున్నాయి. వల్కనైజ్డ్ సోల్‌లో పైభాగం చుట్టూ రబ్బరు పట్టీ అతికించి, వేడిలో ఉడికించి గట్టిపరుస్తారు. అది పలుచన, బాగా వంగుతుంది. కాలి కింద బోర్డు ఎక్కడుందో పాదానికి తెలుస్తుంది. కప్‌సోల్ అంటే గిన్నెలా పోతపోసిన రబ్బరులో పైభాగాన్ని కూర్చోబెట్టి చుట్టూ కుట్టేది. మెట్ల మీంచి దూకేవాళ్ల మడమను అది కాపాడుతుంది, కానీ మొదట్లో మొద్దుగా ఉంటుంది. ఇప్పుడు మంచి డిజైనర్లు ముందు పాదం దగ్గర కప్‌సోల్‌ని పలచబరిచి, మడమ దగ్గర మందం ఉంచుతున్నారు. రాబోయే సీజన్లో గెలిచేది ఈ కలయికేననుకుంటున్నాను.

రన్నింగ్ షూ పోలిక కూడా పెరుగుతోంది. 2013లో స్కేట్ షూలలోకి వచ్చిన న్యూ బ్యాలెన్స్ న్యూమెరిక్, స్కేటర్ టియాగో లెమోస్ కోసం చేసిన 1010 అనే బూటులో ఆ దారి చూపించింది. గాలాడే జాలీ గుడ్డ వేసవికి హాయిగా ఉంటుంది. బోర్డు తగలని చోట మాత్రమే వాడండి.

మార్కెట్ సంగతికొద్దాం. 1966లో కాలిఫోర్నియాలో పుట్టిన బూట్ల సంస్థ వ్యాన్స్ ఏడాది అమ్మకాలు 2022 మార్చితో ముగిసిన సంవత్సరంలో 400 కోట్ల డాలర్లు దాటాయి. మూడేళ్లకు అవి 250 కోట్ల కంటే కిందికి వచ్చాయి. ఒక్క కారణంతో ఇంత పతనం జరగదు. అయినా నాకు ఇందులో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. స్కేట్ చేయనివాళ్లు ఫ్యాషన్ కోసం కొంటే అమ్మకాలు ఎంత వేగంగా లేస్తాయో, వాళ్ల మనసు మారితే అంతే వేగంగా పడతాయి. స్కేటర్లు తక్కువమందే, కానీ వాళ్ల బూటు చిరుగుతుంది కాబట్టి మళ్లీ వస్తారు. పైగా 2025లో అమెరికా పెంచిన దిగుమతి సుంకాలతో వియత్నాం, చైనాల్లో తయారయ్యే బూట్ల మీద ఖర్చు ఒత్తిడి పెరిగింది. ధర పెరిగితే కొనేవాడు ‘ఎన్నాళ్లు వస్తుంది?’ అని గట్టిగా అడుగుతాడు. దుకాణదారులు నెలల ముందే ఆర్డర్లు పెట్టాలి కాబట్టి ఈ టెన్షన్ వాళ్లకే ఎక్కువ. నన్నడిగితే కొత్త రంగులు కొద్దిగా, నల్ల స్వెడ్ అన్ని సైజుల్లో తెప్పించండి. స్కేట్‌బోర్డింగ్ కూడా ఉండే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ దగ్గరపడే కొద్దీ చిన్నపిల్లలు ఎక్కువగా బోర్డెక్కుతారు. దయచేసి ఖర్చు మిగుల్చుకోవడానికి వాళ్ల సైజుల్లో ఆ రబ్బరు ముక్కను తీసేయకండి.

డిజైనర్లకు ఒక పాత కథ చెప్పాలి. 1989లో వ్యాన్స్ సంస్థ స్కేటర్ స్టీవ్ కాబలెరో పేరుతో చీలమండ పైదాకా వచ్చే బూటు తెచ్చింది. స్కేటర్లు దాన్ని కత్తిరించి పొట్టిగా చేసుకుని, అంచులకు టేపు చుట్టుకుని వాడారు. సంస్థ అది గమనించి 1992లో హాఫ్ క్యాబ్ అనే పొట్టి బూటు తెచ్చింది. ఇవాళ్టికీ అమ్ముతోంది. మీ కంపెనీలో ఎవరైనా స్కేట్ పార్కుకి వెళ్లి పిల్లలు బూట్లకు ఏ జిగురు పూస్తున్నారో, ఏ లేసు రంధ్రం వదిలేస్తున్నారో చూస్తున్నారా? ఆ పని ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి.

నాకో కోరిక ఉంది. తొలి రోజుల్లో వ్యాన్స్ దుకాణంలో స్కేటర్లకు ఒక్క బూటు కూడా అమ్మేవారు. ముందు కాలిది చిరిగితే అదొక్కటే కొనుక్కునేవాళ్లు. ఈ జతలో కుడి బూటు చూడండి, ఎంత బాగుందో. దీని పక్కకు ఒక కొత్త ఎడమ బూటు అమ్మే సంస్థ వస్తే, మొదటి ఆర్డరు నేనే పెడతాను.

ఈ జతను వరుసల్లోకి పంపిస్తున్నాను. చిరిగిన చోట వేలు పెట్టి చూడండి.